పెళ్ళి కుదిరిందని చెప్పాను

చాలా ఏళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పెద్దదేమీ కాదు, ఫోన్‌లో చెప్పిన రెండు ముక్కలు. అవి నా నోట్లోంచి రావడానికి ఎంతసేపు పట్టిందో, ఒక అమ్మాయి చదువు ఆగిపోవడానికీ అంతసేపే పట్టింది. అమ్మకు చెప్పలేదు, కట్టుకున్నవాడికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళకు చెప్పే ధైర్యమే ఉంటే సంగతి ఇంతదాకా వచ్చేది కాదు. నా పేరు రాయను. ఆమె పేరు మార్చి గంగరత్న అని రాస్తాను. ఆమె మర్యాద కాపాడటానికి మార్చాననుకునేరు, నన్ను నేను కాపాడుకోవడానికే మార్చాను.

మాది బెంగళూరు వైపు చింతామణి. గుడిలో పూజ చేసుకునే ఇల్లు. తాత కాలంలోనే పూజ తగ్గి పాఠాలు చెప్పే ఉద్యోగాలు మొదలయ్యాయి. ఇంట్లో పుస్తకాలుండేవి, వాటికి మించి పొగరుండేది. గంగరత్నది దిబ్బూరహళ్ళి. వాళ్ళ నాన్న మునివెంకటప్ప మల్బరీ తోట పెట్టి పట్టుపురుగులు మేపే రైతు. మేమిద్దరం చిక్కబళ్ళాపురంలో ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ కలిసి చదివాం. ఆమె బట్టల్లో మల్బరీ ఆకు వాసన, దాని వెనకే పురుగుల ఇంట్లో చల్లే సున్నం వాసన. నేను పక్కనే కూర్చుని ముక్కు చిట్లించేదాన్ని. అయినా పక్కనే కూర్చునేదాన్ని. ఎందుకు? స్నేహమని చెప్పుకునేదాన్ని. ఆమె పక్కన ఉంటే నేను తెలివైనదానిలా కనిపిస్తానన్నది అసలు సంగతి.

చదువు కాగానే ఇద్దరం పీహెచ్‌డీకి అప్లికేషన్లు పెట్టాం. బయోమెడికల్ సైన్స్. ఆ మాటను నోరంతా తెరిచి పలికేదాన్ని. ప్రతి సంస్థా ఒక పేజీ రాయమనేది, మీరు పరిశోధన ఎందుకు చేయాలనుకుంటున్నారో చెప్పమని. ఆ పేజీల్లో ఈ దేశపు అమ్మమ్మలందరికీ క్యాన్సరే. పిల్లలంతా వాళ్ళ మంచం పక్కన నిలబడి, ఈ రోగం అంతు చూస్తామని ఒట్టు పెట్టుకున్నవాళ్ళే. నేను మాత్రం తక్కువ తిన్నానా? ఏ రోగమూ లేని మా అమ్మమ్మకు చక్కటి ఇంగ్లీషులో క్యాన్సర్ తెప్పించాను. నేనది టైపు చేస్తున్నప్పుడు ఆవిడ పక్క గదిలో చక్కిలాలు నములుతోంది.

గంగరత్న పురుగుల గురించి రాసింది. ఒక ఏడు వాళ్ళ పంటంతా పాలరోగంతో పోయిందట. పురుగులు ఉబ్బి, చర్మం చిట్లి, తెల్లటి నీళ్ళు కారి చచ్చాయట. వాళ్ళ నాన్న తట్టలకొద్దీ తీసుకెళ్ళి గుంట తవ్వి పూడ్చాడట. కంటికి కనపడని ఒక వైరస్ ఒక కణంలోకి దూరి ఇంటి యజమానిలా ఎలా కూర్చుంటుందో తెలుసుకోవాలని ఉందని రాసింది. ఇంగ్లీషు గతుకులు గతుకులుగా ఉంది. మనుషుల రోగాల మీద పని చేసేవాళ్ళకు నీ పురుగుల గోల ఎందుకని నవ్వాను. ఆమె కూడా నవ్వింది. కానీ ఒక్క అక్షరం మార్చలేదు.

దరఖాస్తులో రెండో ఫోన్ నంబరు అడిగారు. వాళ్ళ నాన్న ఫోన్ ఆయనతో పాటు తోటకూ పట్టుగూళ్ళ మార్కెట్టుకూ తిరుగుతుంది. నీ నంబరు పెట్టుకోనా అని అడిగింది. దానం చేసేదానిలా పెట్టుకోమన్నాను.

తర్వాత ఇంటర్వ్యూ పిలుపు కోసం ఎదురుచూపు. అంత హీనమైన పని ఇంకొకటి లేదు. లేవగానే మెయిల్ తెరవడం, లేకపోతే చెత్త మెయిళ్ళ పెట్టెలో వెతకడం, అక్కడా లేకపోతే ఆ సంస్థ వెబ్‌సైట్‌లోకి వెళ్ళి 'పరిశీలనలో ఉంది' అన్న ముక్కను కొత్తగా చదివినట్టు మళ్ళీ చదవడం. అభ్యర్థులమంతా కలిసి ఒక వాట్సాప్ గుంపు కూడా పెట్టుకున్నాం. ఎవరికైనా కాల్ వచ్చిందా, ఎవరికైనా కాల్ వచ్చిందా, రోజంతా ఇదే భజన. వచ్చినవాడు దేవుడి దయ అని దండాలు పెట్టేవాడు. మేమంతా శుభాకాంక్షలు చెప్పి లోపల వాణ్ణి తిట్టుకునేవాళ్ళం. కొన్ని సంస్థలు వద్దని రాశాయి. కొన్నింటికి వద్దని చెప్పే తీరిక కూడా లేదు. మమ్మల్ని అలా ఎండలో నిలబెట్టి ఆ పెద్దమనుషులు మానవాళిని ఉద్ధరిస్తున్నారు. వీధిలో వాళ్ళు, డాక్టరు చదువుకు పిలుపొచ్చిందా అమ్మా అని అడిగేవాళ్ళు. అది ఆ డాక్టరు చదువు కాదని చెప్పీ చెప్పీ విసుగొచ్చి, వస్తుందిలెండి అనేసేదాన్ని.

ఆ రోజుల్లోనే దిబ్బూరహళ్ళిలో వాళ్ళ పురుగులు నాలుగో జ్వరం నుంచి లేచాయి. పురుగు మేత మాని, పొర విడిచి, మళ్ళీ మేతకు లేవడాన్ని అక్కడ జ్వరమంటారు. నాలుగోది లేచిందంటే ఇక వారం రోజులు రాక్షసుల్లా తింటాయి, ఇంటిల్లిపాదీ ఆకు కోసి వేస్తూనే ఉండాలి. బయటి మనిషిని పురుగుల ఇంట్లోకి రానివ్వరు. పాలరోగం దెబ్బ తిన్న తర్వాత మునివెంకటప్పకు చాదస్తం ఇంకా ముదిరింది. నలుగురు ముట్టిన వస్తువు కూడా లోపలికి రాకూడదన్నాడు. గంగరత్న నాకు ఫోన్ చేసి చెప్పింది. "ఇంగ వారం దినాలు ఫోను ముట్టేదానికి లేదే. నాయన పెట్టెలో పెట్టి బీగం యేస్తాండాడు. ఏమన్నా తెలిస్తే నాయన నంబరుకు చెయ్యి, ఆయన బయటికొచ్చినప్పుడు ఎత్తుతాడు."

సరేనన్నాను.

రెండు మూడు రోజుల తర్వాత, మధ్యాహ్నం పూట నా ఫోన్ మోగింది. బెంగళూరు నంబరు. పిలుపు వచ్చేసింది, నాకే వచ్చేసింది అనుకుని, గొంతు సవరించుకుని, ఇంగ్లీషు సిద్ధం చేసుకుని ఎత్తాను. అవతల ఒకావిడ, సంస్థ పేరు చెప్పి కన్నడంలో మాట్లాడింది. తెలుగులో రాస్తున్నాను.

"గంగరత్నేనా?"

ఆ పేరు వినగానే నాలో ఏదో చల్లబడిపోయింది. కాదు, నేను ఆమె స్నేహితురాలినన్నాను.

"ఇంటర్వ్యూకి వస్తుందో రాదో మెయిల్‌లో అడిగాం, జవాబు లేదు. ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. ఈ రోజు చెప్పకపోతే వేరేవాళ్ళను పిలుస్తాం. వస్తుందా?"

"లేదు మేడం. ఆమెకు పెళ్ళి కుదిరింది. రాదు."

"ఓ, అలాగా. సంతోషం. మేము శుభాకాంక్షలు చెప్పామని చెప్పండి."

పెట్టేసింది.

ఆ అబద్ధమే ఎందుకు వచ్చింది? ఒంట్లో బాగాలేదనొచ్చు. ఊళ్ళో లేదనొచ్చు. నేనేమీ ఆలోచించి అనలేదు, కానీ నాలుకకు బాగా తెలుసు. మిగతా ఏ అబద్ధానికైనా ఇంకో ప్రశ్న వస్తుంది. చచ్చిపోయిందంటే ఎలాగని అడుగుతారు. పల్లెటూరి ఆడపిల్లకు పెళ్ళి కుదిరిందంటే ఎవరూ ఏమీ అడగరు. కణాల గుట్టు విప్పే అంత పెద్ద సంస్థలో ఒక్కరికీ ఆమెను స్వయంగా అడుగుదామన్న బుద్ధి పుట్టలేదు. ఇలా వాళ్ళను తిట్టడం నాకు హాయిగా ఉంటుంది. నా తప్పులో కొంత తీసి వాళ్ళ నెత్తిన పెట్టినట్టుంటుంది. అందుకే ఇన్నేళ్ళూ తిడుతూనే ఉన్నాను.

వెంటనే తిరిగి ఫోన్ చేయొచ్చు. పొరపాటు పడ్డాను మేడం, వస్తుందట అనొచ్చు. మునివెంకటప్ప నంబరు నా దగ్గరే ఉంది. ఏమీ కాకపోతే బస్సెక్కి దిబ్బూరహళ్ళి వెళ్ళి, పురుగుల ఇంటి బయట నిలబడి ఒక్క కేక వేస్తే సరిపోయేది. నేను వంటింట్లోకి వెళ్ళి అన్నం పెట్టుకుని తిన్నాను. మజ్జిగ కూడా పోసుకున్నాను.

అసూయ అని మీరు అనుకుంటున్నారా? అసూయ కొంచెం మర్యాదైన మాట. ఎదుటి మనిషి మన సాటిదని ఒప్పుకుంటేనే అసూయ పుడుతుంది. నాది చిన్నచూపు. ఆమె నన్ను దాటి వెళ్తోందని బాధపడలేదు, ఆకు వాసన కొట్టే పిల్ల కూడా వెళ్ళగలిగే చోటైతే నేను ఇన్నాళ్ళూ దేవులాడింది దేని కోసమని మండింది. నాకు ఆ సీటు వస్తుందన్న ఆశ కూడా లేదు, నన్ను వాళ్ళు అప్పటికే వద్దన్నారు. గడ్డివాములో కుక్క సామెత మనిషికి ఇంత సరిగ్గా సరిపోతుందని అప్పటిదాకా నాకు తెలియదు.

పురుగులు గూడు కట్టడం మొదలుపెట్టాక గంగరత్న ఫోన్ చేసింది. ఏడుస్తోంది.

"మెయిల్ వచ్చిండాదే. పిలిచినారే నన్ను. గడువు దాటిపోయినాక చూస్తాండాను. నీకేమన్నా ఫోన్ చేసినారా? నీ నంబరు కూడా ఇచ్చింటినే."

"లేదే. చేసుంటే నేను చెప్పకుండా ఉంటానా?"

మొదటి అబద్ధానికి ఆలోచన లేదని బుకాయించవచ్చు. దీనికి అదీ లేదు. ఆమె అడిగింది, నేను గొంతులో జాలి నింపుకుని మరీ చెప్పాను.

ఆమె ఆ సంస్థకు రాసింది. ఇంటర్వ్యూలకు పిలవాల్సినవాళ్ళను పిలిచేశామని అందరికీ పంపే ఒక అచ్చు జవాబు వచ్చింది. పెళ్ళి మాట అందులో ఉంటుందేమోనని నేను చచ్చేంత భయపడ్డాను. లేదు. ఆమె గురించి అంత మాత్రం గుర్తుపెట్టుకునే ఓపిక కూడా వాళ్ళకు లేకపోయింది. దాంతో తప్పు ఎవరిదన్న దానికి ఒకటే జవాబు మిగిలింది. ఫోన్‌ను పెట్టెలో పెట్టి తాళం వేసినవాడిది. నీ పురుగులు నన్ను కూడా తినేసినాయి అని తండ్రితో అన్నదట. ఆ మాట తర్వాత ఇద్దరి మధ్యా మాటలు ఆగిపోయాయి. ఆ గూళ్ళు అమ్మాక మునివెంకటప్ప మల్బరీ తోటంతా వేళ్ళతో సహా పెరికించి టమోటా వేశాడు. ఇంకెప్పుడూ పురుగు మేపలేదు. నేను చూడ్డానికి వెళ్ళినప్పుడు చేను గట్టున మల్బరీ మోళ్ళు కుప్పగా పడి ఉన్నాయి. అయ్యో పాపం అన్నాను. నిజంగా ఆ మాటే అన్నాను.

మరుసటి ఏడు మళ్ళీ దరఖాస్తు పెట్టమని ఆమెకు చెప్పాను. అది చెప్పినందుకు నాకు నేనే ఎంత మంచిదానిలా కనిపించానో! పిలిచినప్పుడు పోలేదు, ఇంగ పిలుస్తారా అంది. సంస్థలు అలాంటివేవీ గుర్తుపెట్టుకోవని నాకు తెలుసు. ఆమెకు తెలియదు. నేను చెప్పలేదు. ఇప్పుడు బాగేపల్లిలో ఒక రక్తపరీక్షల ల్యాబ్‌లో పని చేస్తోంది. నన్ను ఎవరూ ఎక్కడికీ పిలవలేదు. ఇక్కడే ఒక ప్రైవేటు కాలేజీలో పిల్లలకు కణం బొమ్మ గీసి చూపిస్తుంటాను.

మొన్న చింతామణి టమోటా మార్కెట్టు దగ్గర మునివెంకటప్ప కనిపించాడు. ముసలివాడైపోయాడు. నన్ను చూసి బుట్టలు దింపడం ఆపి దగ్గరికి వచ్చాడు.

"పాప ఇంటికొచ్చినా నాతో మాట్లాడదమ్మా. వాళ్ళమ్మతో మాట్లాడి పొయ్యేస్తాది. ఆ పొద్దు నేను ఫోను పెట్టెలో పెట్టకపోయింటే ఇట్లయ్యేది కాదు. నీ మాటంటే దానికి గురి ఉండాది. నాయన తెలీక చేసినాడని నువ్వన్నా చెప్పమ్మా."

"చెబుతానప్పా."

వద్దంటున్నా వినకుండా ఒక సంచి నిండా టమోటాలు పోసి ఇచ్చాడు. ఇంటికి తెచ్చి చారు పెట్టాను. తిన్నాను కూడా.

ఆయన అడిగింది పెద్ద పనేమీ కాదు. నేను బాగేపల్లి బస్సెక్కి ఒక్క నిజం చెబితే ఆ కూతురు ఆ తండ్రి దగ్గరికి వెళ్తుంది. ఆయన ఉన్నంతలోనే వెళ్ళాలి, ఆ తర్వాత చెప్పి ఉపయోగం లేదు. ఇదంతా నాకు తెలుసు. మరి ఎందుకు వెళ్ళను? ఆమె తిడుతుందని కాదు, కొడుతుందని కాదు. నేను ఎవరినైతే చిన్నచూపు చూశానో ఆ మనిషి నన్ను చిన్నచూపు చూస్తుంది. అది పడలేక ఒక ముసలాయన చేయని తప్పుకు కూతురి ముందు తలవంచుకుని తిరుగుతుంటే చూస్తున్నాను. అడుసు తొక్కనేల కాలు కడగనేల అంటారు. నేను కాలు కడుక్కోనూ లేదు, ఆ కాలితోనే వాళ్ళింటికి వెళ్ళి వస్తున్నాను.

ఈ రాత వాళ్ళిద్దరికీ చేరదు. మునివెంకటప్పకు తెలుగు మాటే గానీ చదువు రాదు. గంగరత్న ఇలాంటివి చదవదు. చూశారా, ఇంకా అదే పొగరు. చదవదని నేనెలా అనగలను? చదువుతుందేమో.

చదివితే, రత్నా, మీ నాయన తప్పేమీ లేదు. వాళ్ళు ఫోన్ చేశారు. నేను ఎత్తాను. నీకు పెళ్ళి కుదిరిందని చెప్పాను.

రాసేశాను. ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడుతోంది. నాలాంటిదానికి ఆడకూడదు, కానీ ఆడుతోంది.