గేటు పడకముందే

మా అత్తగారి ఊళ్లో "గిప్పుడే వస్త" అన్న మాటకు అర్థం తెలుసుకోవడానికి నాకు పెళ్లయ్యాక ఏడాది పట్టింది. అలా చెప్పి వెళ్లిన మనిషి పొయ్యి మీద చాయ్ మరిగేలోపు రావచ్చు. అన్నం చల్లారి, వేడిచేసి, మళ్లీ చల్లారాక కూడా రావచ్చు. రెండూ "గిప్పుడే".

నేను పుట్టి పెరిగింది మందమర్రిలో, బొగ్గుబాయి కార్మికుల క్వార్టర్లలో. మా బాపు బాయిలో దిగేవాడు. సైరన్ మోగేసరికి ఆయన హాజరు వేసే చోట నిలబడి ఉండాలి, లేకపోతే ఆ రోజు నాగా. అందుకే మా ఇంట్లో సైరన్ కంటే ముందు మా అవ్వ, అంటే మా అమ్మ, గొంతు మోగేది. మేం పెళ్లికి వెళితే అప్పటికింకా టెంట్ గుంజలు పాతుతూ ఉండేవాళ్లు. బాపు ఏమీ అనుకోకుండా వాళ్లకు ఓ చెయ్యి సాయం పట్టేవాడు. ఆలస్యంగా రావడమంటే ఎదుటి మనిషిని లెక్కచేయకపోవడమేనని నా నెత్తురులో ఇంకిపోయింది.

అలాంటి నేను భైంసాకూ నిర్మల్‌కూ మధ్య ఉన్న ఓ పత్తి ఊరికి కోడలినయ్యాను. బస్సు వచ్చి హారన్ కొడితే మా అత్తమ్మ వాకిట్లోంచే "ఆగు బిడ్డా, తల దువ్వుకుంటున్న" అని కేకేసేది. ఆ డ్రైవర్ ఆగేవాడు! బస్సులో ఉన్నవాళ్లెవరూ విసుక్కునేవాళ్లు కాదు. రేపు వాళ్ల కోసం కూడా బస్సు ఆగాలి కదా. నేనొక్కదాన్నే మెట్టు మీద నిలబడి పళ్లు కొరుక్కునేదాన్ని. మా ఆయన దుబాయిలో డ్రైవర్. అక్కడ పొద్దున ఆరంటే ఆరే. సెలవు మీద వచ్చిన మొదటి వారం చేతికి గడియారం పెట్టుకుని అందరినీ తొందరపెట్టేవాడు. రెండో వారానికి ఆ గడియారం మేకుకు వేలాడేది.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఎవరింట్లోనైనా మనిషి పోయినా, ఎవరికైనా కాన్పు నొప్పులు మొదలైనా ఈ ఊరు కట్టుబట్టలతో పరుగెత్తుతుంది. అప్పుడు ఎవరూ "గిప్పుడే వస్త" అనరు, ముందు వచ్చేస్తారు. అది చూశాక నా కోపం కొంత తగ్గింది. కొంతే.

ఆ తగ్గిన కోపం పోయినేడు వడ్డీతో సహా తిరిగొచ్చింది. మా చిన్న ఆడబిడ్డ నర్సింగ్ సీటు కోసం ప్రవేశ పరీక్ష రాయాలి. సెంటర్ నిర్మల్‌లో. పదింటికి గేటు వేస్తారు, నిమిషం ఆలస్యమైనా లోపలికి రానివ్వరు. సోమవారం పొద్దున ఏడింటికే ఆ పిల్ల తయారై కూర్చుంది. అత్తమ్మ బొట్టు పెట్టింది, పెరుగన్నం తినిపించింది. దీవించడానికి వచ్చిన వాళ్లందరికీ చాయ్ పోసింది. చివరి కప్పు కడిగేసరికి ఏడున్నర. రాహుకాలం మొదలైంది.

"కూసోండ్రి. తొమ్మిది దాటినంక పోదురు" అంది అత్తమ్మ.

"అత్తమ్మా, గేటు ఏస్తరు" అని నేను మొత్తుకున్నాను.

"రాహుకాలంల పోతే గేటు తెరిచున్నా ఫాయిదా లేదు" అంది. ఆ ఇంట్లో ఆమె మాట మీద మాట లేదు.

తొమ్మిదింటికి ఆటో కదిలింది. నడిపేది అత్తమ్మకు వరసకు మరిది. దారిలో చెయ్యెత్తిన ప్రతి ముసలామెను చూసి అత్తమ్మ, "పాపం, ఎండల నిలవడ్డది, ఎక్కించుకో" అనడం, ఆయన ఆపడం. మేం దిగేసరికి గేటుకు గొలుసు చుడుతున్నారు. ఆడబిడ్డ ఊచలు పట్టుకుని "సార్, సార్" అంటూ ఏడ్చింది. గొలుసు చప్పుడు ఆగిపోయింది గానీ గేటు తెరుచుకోలేదు. "రాసిపెట్టి లేదు బిడ్డా" అంటూ అత్తమ్మ కొంగుతో దాని మొహం తుడిచింది. ఇంటికొచ్చాక మామయ్య ఒకటే మాటన్నాడు: "వచ్చేయేడు ఇంకొక్కపారి రాయనియ్యుండ్రి. గప్పుడు గూడ కాకపోతే చదువు బంద్, చేన్లకు రావాలె."

ఏడాదంతా ఆ పిల్ల పొద్దున పత్తి చేలో, సాయంత్రం పుస్తకాలతో గడిపింది. ఈసారి హాల్ టికెట్ వచ్చింది. పగబట్టినట్టు మళ్లీ సోమవారమే! అత్తమ్మ క్యాలెండర్ దగ్గర నిలబడి పెదవి విరిచింది. రాహుకాలం సంగతి సరే, సోమవారం అసలు తూర్పుకే పయనం కావద్దట. నిర్మల్ మాకు తూర్పే.

కేకలేస్తే లాభం లేదని పోయినేడే తెలిసొచ్చింది. అందుకని ఆమె శాస్త్రంతోనే ఆమెను పట్టుకుందామనుకున్నాను. మా ఆయన మొదటిసారి దుబాయి వెళ్లింది మంగళవారం. విమానం అత్తమ్మ క్యాలెండర్ చూసుకోదు కదా! అప్పుడామె ముందురోజు మంచి గడియ చూసి, కొడుకు అంగీ, గుప్పెడు బియ్యం మూటగట్టి పక్కింట్లో పెట్టించింది. దాన్నే ప్రస్థానం అంటారు. మూట గడప దాటితే మనిషి బయలుదేరినట్టే లెక్క. తర్వాత ఏ వేళకు కదిలినా దోషం లేదు.

"అత్తమ్మా, ఆదివారం మంచి గడియల పిల్ల హాల్ టికెట్, పెన్ను మూటగట్టి పక్కింట్ల పెడదామా?" అన్నాను.

ఆమె కళ్లు చిట్లించి నావైపు చూసింది. నా తెలివి కనిపెట్టేసిందనుకున్నాను. "హాల్ టికెట్ ఎలుక కొరికితే?" అంది. తర్వాత మెల్లగా, "మూట ఎందుకే? పిల్లనే పెడదాం. నువ్వు నేను గూడ పోదాం" అంది. అప్పుడు తెలిసింది, పోయినేటి గేటు ఆమె కళ్లలోంచి కూడా పోలేదని. నేను గెలిచానన్న సంతోషం కంటే ఆమె మీద ప్రేమే ఎక్కువ పుట్టింది.

ఆదివారం సాయంత్రం ముగ్గురం చాపలు, దుప్పట్లు పట్టుకుని పక్కింటికి ప్రయాణమయ్యాం. ఊరంతా నవ్వింది. మామయ్య అరుగు మీంచి, "పైలంగ పోయి రాండ్రి, చేరినంక ఫోన్ చెయ్యుండ్రి" అన్నాడు.

సోమవారం తెల్లవారగానే ఆటో వచ్చింది. పక్కింటి పెద్దమ్మ చాయ్ తాగి పొమ్మంది. "వచ్చేటప్పుడు తాగుతం" అంది అత్తమ్మ. చాయ్ వద్దనడం ఆమె నోట నేను మొదటిసారి విన్నాను. ఆటోలో కాలు పెట్టబోతుండగా పెద్దమ్మ గట్టిగా తుమ్మింది.

అందరం బిగుసుకుపోయాం. తుమ్మితే కూర్చోవాలి, మంచినీళ్లు తాగాలి, కాసేపు ఆగాలి. అలా ఆగితే ఏమవుతుందో నాకు తెలుసు. దీవించేవాళ్లు వస్తారు, చాయ్ వస్తుంది, ఏడున్నరవుతుంది. నేను నోరు తెరిచేలోపే అత్తమ్మ తీర్పు చెప్పేసింది. "ఈమెకు రాత్రి నుంచి పడిశం ఉన్నది. పడిశం తుమ్ముకు శకునం లేదు. ఎక్కుండ్రి!"

దారిలో ఒకామె సంచి పట్టుకుని చెయ్యెత్తింది. ఆటో నడుపుతున్న మరిది అలవాటుగా బ్రేకు మీద కాలు పెట్టాడు. "ఆపకు!" అని అత్తమ్మ వెనకనుంచి అరిచింది. తల బయటికి పెట్టి, "నా బిడ్డకు పరీక్ష ఉన్నదే అక్కా, ఏమనుకోకు!" అని ఆమెకు చేతులు జోడించింది. ఆమె దించిన చెయ్యి మళ్లీ ఎత్తి ఊపింది. నాకు ఈల వేయాలనిపించింది.

మేం చేరేసరికి గేటు ఇంకా తెరవలేదు. లోపల ఎవరో ఊడుస్తున్నారు. మా బాపు గుంజలు పాతేవాళ్ల పక్కన నిలబడిన పెళ్లిళ్లన్నీ గుర్తొచ్చి గర్వంగా గేటుకు ఆనుకుని నిలబడ్డాను. తెరవగానే లోపలికి అడుగుపెట్టిన మొదటి పిల్ల మా ఆడబిడ్డే.

ఆ పరీక్షతో ఆమెకు కరీంనగర్‌లో నర్సింగ్ సీటు వచ్చింది. కానీ మా ఇంట్లో ఇప్పటికీ పదేపదే చెప్పుకునేది సీటు గురించి కాదు, గేటు గురించే.

పిల్ల లోపలికి పోయాక కూడా అత్తమ్మ కదల్లేదు. "గేటు పడేదాక ఉంట" అని చెట్టు నీడలో కూర్చుంది. పది కావస్తుండగా ఒక పిల్ల, తండ్రి నడిపే బండి మీంచి దూకి పరుగెత్తుకొచ్చింది. అత్తమ్మ లేచి, సొంత బిడ్డకు చెప్పినట్టు "ఉరుకు బిడ్డా, ఉరుకు!" అని గొంతు చించుకుంది. ఆ పిల్ల మూసుకుంటున్న గేటు సందులోంచి దూరిపోయింది. బయటున్న తల్లిదండ్రులంతా చప్పట్లు కొట్టారు. వెనకే గొలుసు గలగలమంది. పోయినేడు విన్న చప్పుడే.

అప్పుడే దుబాయి నుంచి మా ఆయన ఫోన్. పనిలో ఉండి కూడా మనసు ఆగలేదేమో. తన ఇంటి సంగతి తనకు తెలియనిదా! భయం భయంగా అడిగాడు. "అవ్వా, ఏడిదాక వచ్చిన్రు?"

అత్తమ్మ గేటు వైపు చూస్తూ, ఊరంతా వినబడేలా చెప్పింది.

"ఏడిదాకేంది బిడ్డా! గేటు పడ్డది. నీ చెల్లె లోపలున్నది."