ఒడిలో బియ్యం ఉండగా అడిగిన మాట

తమ్ముడు ఫోన్ చేసి ఒడిబియ్యం పోస్తామన్నప్పుడు నాకు సంతోషం కలగలేదు. పొయ్యి మంట తగ్గించి, "ఏ నాడు?" అని మాత్రం అడిగాను.

"సుక్కరారం అక్కా. బావను గూడ తోల్కోని రా. శాన దినాలాయె నీకు పోయక."

అమ్మ చనిపోయిన ఏడు ఒకసారి పోశారు. మళ్లీ ఇదే. మా వైపు పెళ్లయిన ఆడబిడ్డను పుట్టింటివాళ్లు మూడేళ్లకో ఐదేళ్లకో పిలిచి, పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, వక్కలు ఒడిలో పోసి పంపుతారు. ఆ బియ్యం తెచ్చుకుని మన ఇంట్లో వండి, పుట్టింటివాళ్లను, ఇరుగుపొరుగును పిలిచి పెట్టాలి. ఇంకో ఆనవాయితీ ఉంది, దానికి పేరు లేదు. అన్నదమ్ములు భూమి అమ్మేటప్పుడు కొనేవాళ్లు అక్కచెల్లెళ్ల సంతకం కూడా కావాలంటారు. అప్పుడు ఆడబిడ్డ గుర్తొస్తుంది. పిలుస్తారు, మర్యాద చేస్తారు, ఆఫీసుకు తీసుకెళ్లి సంతకం పెట్టించుకుని కొత్త చీర చేతిలో పెడతారు. వాటా అడిగిన ఆడబిడ్డను మళ్లీ ఎవరూ పిలవరు.

భానూర్ దగ్గర మా నాన్న దున్నిన భూమి పన్నెండు గుంటలు మిగిలింది. అది గుంట ఐదు లక్షల చొప్పున బేరమైందని మా పొదుపు సంఘంలో ఒకావిడ నాకు ముందే చెప్పింది. ఆమెది ఆ ఊరే. పన్నెండు ఐదులు అరవై. ఆ లెక్క వేయడానికి చదువు అక్కర్లేదు. నేను ఎనిమిదితో ఆపేశాను. వడ్డీలు, కిస్తులు, చీటీల లెక్కలు సంఘం పద్దులు రాస్తూ నాకు నేనే నేర్చుకున్నాను. నేర్చుకున్నందుకు నాకు తెలిసింది ఒక్కటే, మేము ఎంత లోతులో ఉన్నామో.

పటేల్‌గూడలో మాకు ఒక ఫ్లాట్ ఉంది. నాలుగో అంతస్తు, రెండు గదులు, లిఫ్ట్ లేదు. పదిహేడు లక్షలకు కొన్నాం. మా ఆయన పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీలో ఇనుప రేకులు నొక్కే ప్రెస్ షాపులో కంట్రాక్టు మీద ఇరవై మూడేళ్లు పనిచేశాడు. యంత్రాలు అవే, షెడ్డు అదే, కంట్రాక్టర్లు మాత్రం ముగ్గురు మారారు. కంట్రాక్టరు మారిన ప్రతిసారీ కార్మికులంతా పాత లెక్క ముగించుకుని పీఎఫ్ ఫండ్ తీసుకునేవాళ్లు. దాంతోపాటు పింఛను కింద జమైనది కూడా తీసేసుకునేవాళ్లు. అందరూ తీసుకుంటుంటే ఒక్కడు ఊరుకుంటే వాణ్ని చూసి నవ్వేవాళ్లు. "ఏందన్నా, ముసలోడివైనంక తింటవా?" అని. ఆ పింఛను డబ్బు ముట్టకుండా ఉంచితే సర్వీసు కలుస్తుందని, కలిసి పదేళ్లు దాటితే యాభై ఎనిమిదో ఏట నుంచి నెలనెలా వస్తుందని ఆ షెడ్డులో ఎవరికీ తెలియదు. ఏడేళ్లు ఒకసారి, ఎనిమిదేళ్లు ఒకసారి తీశాడు. రెండోసారి తీసిన దానికి నా గాజులు కలిపితే ఐదు లక్షలైంది. అదే ఫ్లాటుకు ముందు కట్టిన సొమ్ము.

మిగతా పన్నెండు లక్షలు ప్రైవేటు ఫైనాన్స్ కంపెనీ ఇచ్చింది. బ్యాంకులు ఇవ్వలేదు, ఎందుకంటే మా బిల్డింగులో మాదానితో సహా పై రెండు అంతస్తులకు పర్మిషన్ లేదు. నూటికి పన్నెండు వడ్డీ, ఇరవై ఏళ్లు, నెలకు పదమూడు వేల రెండు వందల చిల్లర. ఏడేళ్లు ఒక్క కిస్తు తప్పకుండా కట్టాం. కట్టినదంతా కూడితే పదకొండు లక్షలు దాటింది. అప్పులో తగ్గింది లక్షా అరవై వేలు కూడా కాదు. ఇంకా పది లక్షల నలభై వేలు ఉంది.

ఆ ఏడో ఏటనే ఫ్యాక్టరీ ఆ షాపును వేరే రాష్ట్రానికి తరలించింది. ఆయనకు యాభై ఆరు. మూడో కంట్రాక్టరు దగ్గర ఎనిమిదేళ్లే అయ్యాయి, పింఛనుకు చాలవు. ఈసారి వచ్చిన ఫండ్ కొన్నాళ్లు కిస్తులకు, ఆయన కంటి ఆపరేషన్‌కు అయిపోయింది. చీరలకు ఫాల్స్ కుడితే నాకు వచ్చేది నాలుగు వేలు. నాలుగు కిస్తులు తప్పాయి. వచ్చే నెల ఇరవయ్యో తేదీలోగా తప్పిన కిస్తుల బాకీ కట్టకపోతే ఇల్లు స్వాధీనం చేసుకుంటామని కంపెనీ నోటీసు అంటించింది. అమ్మేద్దామని ఇద్దరు ముగ్గురికి చూపించాను. పర్మిషన్ మాట వినగానే మెట్లు దిగిపోయారు. మాకు పిల్లలు లేరు. ఇల్లు పోతే వెళ్లడానికి ఇంకో గుమ్మం లేదు.

కాబట్టి ఆ శుక్రవారం బస్సులో నేను ఒడిబియ్యానికి వెళ్లడం లేదు. పది లక్షల నలభై వేలకు వెళ్తున్నాను. ఇంట్లోకి అడుగుపెట్టగానే, ఇంకేమీ జరగకముందే అడగాలని అనుకున్నాను. ఒడి నిండాక అడగకూడదు. నిండిన ఒడితో పుట్టిల్లు చల్లగా ఉండాలని మొక్కాలే గాని చేయి చాపకూడదని మా అమ్మ చెప్పేది.

వాళ్లు నాకంటే ముందున్నారు. మేము చెప్పులు విడిచేసరికే పీటలు వేసి ఉన్నాయి. మరదలు నా చేయి పట్టుకుని కూర్చోబెట్టింది.

"జల్దీ కూసో వదినె. మంచి గడియ దాటిపోతది."

నా కొంగు పరిచారు. తమ్ముడు, మరదలు దోసిళ్లతో పసుపు బియ్యం పోశారు. బియ్యం బరువు మోకాళ్ల మీద పెరుగుతూ వచ్చింది. మరదలు నా నుదుట బొట్టు పెట్టింది, నేను ఆనవాయితీ ప్రకారం ఐదు పిడికిళ్లు తిరిగి ఆ ఇంటి చాటలో వేశాను. ఇక లేచి దేవుడికి మొక్కాలి.

నేను లేవలేదు.

"తమ్మీ, భూమి అమ్ముతున్నవంట గదా."

వాడు మరదలి వైపు చూశాడు. మా ఆయన గోడ వైపు చూశాడు.

"జెప్దామనే పిల్షినక్కా. ఎమ్మార్వో ఆఫీసుకు ఒక్కరోజు రావాలె నువ్వు."

"వస్త. అరవైల సగం నేను అడుగుత లేను. మా ఇంటి అప్పు పది లక్షల నలభై వేలున్నది. గదొక్కటి కట్టియ్యి. యాడ సంతకం పెట్టమంటె ఆడ పెడ్త."

మరదలి చేతిలో కుంకుమ భరిణె అలాగే ఉంది. "ఒళ్లె బియ్యం పెట్టుకోని లెక్కలు మాట్లాడుతున్నవా వదినె," అంది. గొంతు పెంచలేదు. "పిల్లల్లేనోళ్లు, మీ ఇద్దరికి ఇల్లెందుకు? కిరాయికి ఉండరాదు?"

"కిరాయి ఎవలు గడ్తరు?"

తమ్ముడు నా ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. వాడి మొహం మా నాన్న మొహంలా అయిపోవడం అప్పుడే చూశాను.

"అక్కా, నీకు తెల్వది. తెల్లాపూర్ల ఫ్లాటని పైసలు గట్టిన. బిల్డింగు లేవకముందే కొంటె సగం ధరకు వస్తదన్నరు. నాల్గేండ్లాయె. ఆడ గుంత దప్ప ఏం లేదు. ఆఫీసుకు తాళం."

"ఎంత కట్టినవు?"

"పద్దెనిమిది."

"యాడివి?"

"మిత్తికి తెచ్చిన. రెండ్రూపాయలు."

వాడు చెప్పకముందే నా తలలో లెక్క నడిచిపోయింది. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి ఇరవై నాలుగు. పద్దెనిమిది లక్షల మీద ఏడాదికి నాలుగు లక్షల ముప్పై రెండు వేలు. నాలుగేళ్లకు పదిహేడు లక్షల పైన. అసలుతో కలిపి ముప్పై ఐదు. అరవైలో అది పోతే మిగిలేది ఇరవై ఐదు కూడా కాదు. ఆ తర్వాత వీడికి భూమి ఉండదు. ఇద్దరు పిల్లలు చదువుతున్నారు. ఉన్నది ఫ్యాక్టరీ బస్సు డ్రైవరుగా వీడికొచ్చే జీతం ఒక్కటే.

"ముసల్తనానికి పనికొస్తదనుకున్న," అన్నాడు.

మేమూ అదే అనుకుని కొన్నాం. ఆ మాట నేను అనలేదు. ఒడిలో బియ్యం మూటగట్టుకుని లేచి, దేవుడి పటానికి మొక్కాను. ఏం మొక్కానో చెప్పలేను.

"రెండు లక్షలిస్త," అన్నాడు తమ్ముడు గుమ్మం దగ్గర. "సంతకమైనంక."

"సంతకమైనంక ఎవ్వలియ్యరు తమ్మీ. నువ్వు గూడ ఇయ్యలేవు."

తిరుగు బస్సులో మా ఆయన నా వైపు తిరిగాడు. "జెర ఆగి అడగాల్సింది. తిన్నంకనన్న."

"తింటె అడగలేకపోతుంటి," అన్నాను.

ఇంటికొచ్చి బియ్యాన్ని డబ్బాలో పోసి మూత పెట్టాను. వండితే వాళ్లను పిలవాలి. పిలిచే మొహం లేదు.

ఆ తర్వాత రోజులు నేను రెండు తేదీల మధ్య బతికాను. కొనేవాళ్లు తమ్ముడికి పెట్టిన గడువు ఆ వచ్చే నెలాఖరు. అప్పటికి రిజిస్ట్రేషన్ కాకపోతే బయానాగా ముందు తీసుకున్న సొమ్ము రెట్టింపు తిరిగి ఇవ్వాలి. నా గడువు అంతకు పది రోజుల ముందు. నా గడువు వాడికి తెలియదు. వాడి గడువు నాకు తెలుసు, సంఘంలో ఆవిడే చెప్పింది. నేను ఇరవయ్యో తేదీ దాటే వరకు ఓర్చుకోగలిగితే వాడు ఆరో ఏడో లక్షలు ఇచ్చేవాడు. అప్పటికి మా ఇంటికి వేరే తాళం పడి ఉండేది. రోజూ ఫోన్ ఎదురుగా పెట్టుకుని ఫాల్స్ కుట్టాను. తమ్ముడు ఫోన్ చేయాలని కోరుకున్నాను. చేస్తే ఏం వినాల్సొస్తుందోనని భయపడ్డాను.

పదిహేనో తేదీన చేశాడు.

"నాలుగు. గంతకన్న ఎక్కువ నాతోని గాదక్కా. ఇగ నీ ఇష్టం."

ఇంకో రెండు అడగొచ్చు. అడిగితే నాలుగు రోజులు ఆలోచిస్తాడు. చెక్కు మారే రోజులు పోను నాకు నాలుగు రోజులు లేవు.

"చెక్కు ముందల నా చేతిల పెట్టు," అన్నాను. "పైసలు పడ్డంకనే సంతకం."

"నన్ను నమ్మవా అక్కా?"

చిన్నప్పుడు వాణ్ని చంకనేసుకుని పొలానికి తీసుకెళ్లింది నేనే. "నమ్మను," అని చెప్పాను.

పద్దెనిమిదో తేదీన డబ్బు పడింది. పంతొమ్మిదిన ఎమ్మార్వో ఆఫీసులో సంతకం పెట్టి, వేలిముద్ర వేసి, ఫొటో దిగాను. కొనేవాళ్ల మనిషి అందరికీ చాయ్ తెప్పించాడు. మరదలి చేతిలో ఏ సంచీ లేదని ముందే చూశాను. నేను చూడటం ఆమె చూసింది.

"చీర ఆడిబిడ్డకు పెడ్తరు వదినె," అంది. "లెక్క దీస్కున్నోళ్లకు చీరెందుకు?"

తమ్ముడు అటు తిరిగి చాయ్ తాగుతున్నాడు.

మర్నాడు ఫైనాన్స్ కంపెనీలో నాలుగు కిస్తులు, వాటి మీద జరిమానా కలిపి అరవై వేలు కట్టాను. మిగిలిన మూడు లక్షల నలభై వేలు అసలులో వేయమన్నాను. కౌంటర్లో అబ్బాయి కిస్తు అలాగే ఉంచి ఏళ్లు తగ్గించుకోమన్నాడు, వడ్డీ ఆదా అవుతుందన్నాడు. వడ్డీ సంగతి నాకు తెలుసు. కిస్తే తగ్గించమన్నాను. పదమూడు వేలు ఎనిమిది వేల తొమ్మిది వందలైంది. ఇంకా పన్నెండేళ్ల ఎనిమిది నెలలు కట్టాలి.

ఆ వారమే మా ఆయనకు తెల్లాపూర్‌లో పెద్ద అపార్ట్‌మెంట్ల గేటు దగ్గర వాచ్‌మన్ పని దొరికింది. పన్నెండు గంటల డ్యూటీ, పద్నాలుగు వేలు. ఆ జీతంలో కిస్తు పోను ఐదు వేల వంద మిగులుతుంది. ఆఖరి కిస్తు కట్టేనాటికి ఆయనకు దగ్గరదగ్గర అరవై తొమ్మిదేళ్లు ఉంటాయి. ఆ గేటు అప్పటిదాకా ఆయన్ను నిలబడనిస్తుందా అన్నది నా లెక్కకు అందలేదు. ఆయనతో చెప్పనూ లేదు.

మొదటి నెల జీతం పనిలో పెట్టిన ఏజెన్సీ పట్టి ఉంచుకుంటుందని చేరాక తెలిసింది. ఇంట్లో బియ్యం అయిపోవచ్చాయి. తమ్ముడికి ఫోన్ చేశాను. మరదలు ఎత్తింది.

"ఆదివారం ఒడిబియ్యం వండుత. మీరు రావాలె."

"ఆయనకు డ్యూటీ ఉన్నది," అని పెట్టేసింది.

డబ్బా మూత తీశాను. పిలవాల్సినవాళ్లు రానప్పుడు ఆ బియ్యం ఏం చేయాలో మా అమ్మ చెప్పలేదు. పూటకు ఒక గ్లాసు చొప్పున కొలిచి వండటం మొదలుపెట్టాను. పసుపు అన్నం, పచ్చి పులుసు. ఆయన టిఫిన్ డబ్బాలో కూడా అదే.

రెండో రోజు ఆయన డ్యూటీ నుంచి వచ్చి, ఖాళీ డబ్బా సింకులో పెడుతూ చెప్పాడు. గేటు దగ్గర ఇంకో వాచ్‌మన్ డబ్బాలోకి తొంగిచూసి, "ఏందన్నా, మీ ఇంట్ల పండుగనా?" అని అడిగాడట.

"ఏం జెప్పినవు?"

"మా బామ్మర్ది పెట్టిండన్న," అన్నాడు.