తోడల్లుడి కీరదోస

మనిషికి అసూయ పుట్టాలంటే మేడలూ మాన్యాలూ అక్కర్లేదు, పాత డబ్బాలో మొలిచిన కీరదోస పాదు చాలని పెళ్ళయిన కొత్తల్లోనే నాకు తెలిసొచ్చింది. ఆ రోజుల్లో నేను అమలాపురంలో ఒక చిన్న ప్రైవేటు బడిలో లెక్కల మాస్టర్ని. మావగారింట్లో మేడమీది గదుల్లో మా కొత్త కాపురం. ఆదివారం ఉదయం సండే స్కూలు పిల్లలకు పది ఆజ్ఞలు కంఠతా పట్టించేవాణ్ణి. పదో ఆజ్ఞ దగ్గర నా గొంతు కొంచెం ఎక్కువే లేచేది. పొరుగువాడి ఇంటిని ఆశించకూడదు, ఎద్దును ఆశించకూడదు, గాడిదను ఆశించకూడదు అని వేళ్ళు మడిచి చెబుతుంటే, ఇవేవీ మనకు లేని బాధలు కదా అనిపించేది. (కోనసీమలో గాడిదను ఆశించే అవసరం ఎవరికొస్తుంది?) ఆ ఆజ్ఞ చివర, పొరుగువాడిది ఏదైనా సరే ఆశించకూడదన్న మాట ఉంది. అందులోకి కూరపాదులు కూడా వస్తాయని అప్పటికి ఆలోచించలేదు.

మా ఆవిడ అక్కగారి భర్తది, అంటే నా తోడల్లుడిది, మస్కట్‌లో ఉద్యోగం. ఆ ఏడు పొడుగు సెలవు మీద వచ్చి కింది వాటాలో దిగాడు. ఎత్తు మనిషి, మంద్రస్థాయి గొంతు, చొక్కాకు ఎప్పుడూ మంచి అత్తరు వాసన. చర్చిలో పాట ఎత్తుకుంటే ముందు వరసలో ముసలమ్మలు కళ్ళు మూసుకునేవారు. నేను పాడితే కళ్ళు తెరిచి చూసేవారు. గుమ్మంలో ఎవరు ఎదురైనా నన్నడిగే మొదటి మాట "పెద్దల్లుడుగారు ఇంకా ఎన్నాళ్ళుంటారండీ?" అని. నేను ఎన్నాళ్ళుంటానో ఎవరికీ పట్టేది కాదు, నేనెక్కడికీ వెళ్ళనని అందరికీ తెలుసు కనుక.

మా సంఘంలో కోత పండుగ రోజున ప్రతి ఇంటివారూ తాము పండించినదాన్ని పళ్ళెంలో పెట్టుకుని, చర్చిలో పాస్టరుగారి ముందున్న బల్ల దగ్గరికి నడుస్తారు. పొలమున్నవారు వరి కంకులు, తోటలున్నవారు అరటి గెలలు తెస్తారు. మావగారు రిటైరైన హెడ్మాస్టరు, సంఘ పెద్ద. పొలం లేదు, కొడుకులూ లేరు. బజారులో కొని తెచ్చి పెడదామంటే ఒప్పుకునేవారు కాదు. "కొన్నది కానుకవుద్ది గానీ ప్రథమఫలం అవ్వదండీ" అనేవారు. ఆ ఏడు ఆయనకు మోకాళ్ళు సహకరించక, భోజనాల దగ్గర ఒక తీర్పు చెప్పేరు. "డాబా మీద చోటుంది. మీరిద్దరూ చెరో కీరదోస పాదు పెట్టండి. ఎవరిది కాస్తే వారు మనింటి పళ్ళెం పట్టుకెళ్తారు." తోడల్లుడు "ఆయ్" అన్నాడు. నేనూ "ఆయ్" అన్నాను. ఆ క్షణం నుంచి నాకు అన్నం సయించలేదు. సంఘమంతా చూస్తుండగా ఆ పళ్ళెం పట్టుకుని నడిస్తే, ఈ ఇంటికి నేనూ ఒక అల్లుణ్ణేనని నలుగురికీ తెలుస్తుంది.

తోడల్లుడు ఎక్కడివో పాత పెయింటు డబ్బాలు తెచ్చి, అడుగున మేకుతో కన్నాలు పొడిచి, మట్టీ పశువుల ఎరువూ కలిపి నింపుకున్నాడు. నేను మెరిసే కొత్త నీలం టబ్బులు కొన్నాను. వాటికి కన్నాలు పెట్టడానికి మనసొప్పలేదు. మట్టి బరువెందుకని అంబాజీపేట నుంచి ఊరికే దొరికే పచ్చి కొబ్బరి పీచు పొట్టు గోనెలతో తెప్పించి నింపేశాను. కొబ్బరి పుట్టిన చోట కొబ్బరి పొట్టులో ఏది పెట్టినా బతుకుతుందని నా సిద్ధాంతం. తోడల్లుడు ఒకసారి వంగి చూసి, "తమ్ముడుగారూ, నీళ్ళెటు పోతాయండీ వీటికి?" అన్నాడు. ఎగతాళి చేస్తున్నాడనుకున్నాను. "మావి పోనివ్వమండీ, అన్నీ పాదుకే" అన్నాను.

మొలకలు రెండు వైపులా ఒకేసారి వచ్చాయి. తర్వాతే దారులు వేరయ్యాయి. ఆయన పాదు తీగలు సాగి గోడెక్కింది. నా పాదు అడుగు ఆకులు ముందు లేతగా వెలిసి, తర్వాత పసుపు పూసినట్టయ్యాయి. ఆయన చెంబుడు నీళ్ళు పోయడం చూస్తే నేను రెండు చెంబులు పోసేవాణ్ణి. ఆయన పోయని రోజున, ఆయన బద్ధకం నాకు లాభమనుకుని ఇంకో చెంబు పోసేవాణ్ణి. ఆయన పోసే ముందు మట్టిలో వేలు గుచ్చి తడి చూసుకునేవాడు. అదేదో మస్కట్ షోకు అనుకున్నాను. ప్రార్థనలో నా పాదు కోసం అడిగేవాణ్ణి. ఆయన పాదును దీవించమనడానికి నోరు రాలేదు, శపించమనడానికి ధైర్యం చాలలేదు. "నీ చిత్తం ప్రభువా" అని వదిలేసేవాణ్ణి, ఆ చిత్తం మేడమీదివారి వైపే ఉండాలని లోపల గట్టిగా అనుకుంటూ. ఆదిలో ఇద్దరు అన్నదమ్ములు అర్పణలు తెస్తే ఒకడిదే అంగీకరింపబడి, రెండోవాడు అసూయతో అతన్ని చంపిన కథ పిల్లలకు చెప్పాల్సి వచ్చినప్పుడు, ఆ వారం పాఠం మార్చి జలప్రళయం చెప్పాను. నా టబ్బులకు అదే సరిపోయిందని తర్వాత తేలింది.

పండుగ దగ్గరపడుతుండగా మావగారు మోకాళ్ళు పట్టుకుంటూ డాబా ఎక్కి వచ్చి, నా టబ్బును చేతికర్రతో ఒరిగించేరు. మురుగు వాసనతో నల్లటి నీళ్ళు బయటికొచ్చాయి. వేళ్ళు గోధుమరంగు నూలుపోగుల్లా కుళ్ళి ఉన్నాయి.

"ఏంటండీ ఇది, బాప్తిస్మం తొట్టా?" అన్నారు.

"నీళ్ళు తక్కువవుతున్నాయేమో అనుకున్నానండీ, ఆకులు పసుపుపచ్చగా..."

"బాప్తిస్మమంటే ముంచేక పైకి లేపాలండీ. మీరు ముంచి వదిలేసేరు. ఊపిరాడక పసుపెక్కింది. ఆ పచ్చి పొట్టోటి, పాదుకి చెందాల్సిన సత్తువంతా అదే తినేస్తాది. పెద్దల్లుడుగారు ముందే చెప్పేరంట కదా?"

మా ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని మెట్లు దిగిపోయింది. ఆ రోజే టబ్బులకు కన్నాలు పొడిచాను. బతికి ఉన్న ఒక్క తీగకు ఒక్క కాయ ఉంది, కొడవలిలా వంకర తిరిగి.

అంతలో మస్కట్ నుంచి ఫోను వచ్చింది, సెలవు రద్దు చేశామని. పండుగ ఇంకా రాకుండానే తోడల్లుడు పెట్టె సర్దుకున్నాడు. వెళ్తూ వెళ్తూ నా భుజం మీద చెయ్యేసి, "పాదు మీకప్పజెప్పేనండీ తమ్ముడుగారూ. పళ్ళెం మీరే పట్టుకెళ్ళాలి. నీళ్ళు మాత్రం కాస్త చూసి పొయ్యండే" అన్నాడు. నీళ్ళ పని మా ఆవిడకు వదిలేసి, వారమంతా ఆ పాదును దూరం నుంచే కాపలా కాశాను.

పండుగ ఆదివారం ఆయన నున్నటి కాయలు పళ్ళెం నిండా పేర్చి, పైన నా వంకర కాయ పెట్టుకుని నడిచాను. కోరుకున్న నడకే. నాలుగడుగులు వేశానో లేదో ఒక ముసలమ్మ పక్కామెతో "పెద్దల్లుడుగారి కాయలు ఎంత బాగున్నాయో చూసేవా" అంది. బల్ల దగ్గర పాస్టరుగారు చెయ్యి చాపి, దూరదేశంలో ఉన్న బిడ్డ కష్టాన్ని దీవించమని ప్రార్థించారు. పళ్ళెం మోస్తున్న బిడ్డ కింద నేలకేసి చూస్తూ ఆమేన్ అన్నాడు.

ఆరాధనయ్యాక ఆవరణలో కానుకల వేలంపాట. పెద్దల్లుడి కాయలకు పోటీ పడ్డారు. నా కాయ వంతు వచ్చేసరికి అందరూ నవ్వు మొహాలతో ఒకరినొకరు చూసుకున్నారు. మావగారు కుర్చీలోంచే చెయ్యెత్తి పాడేసుకున్నారు. అక్కడే కడిగించి, కొరికారు. నీళ్ళలో నానిన పాదు కాయ, చేదు కాకుండా ఎలా ఉంటుంది? ఆయన మొహం ఒక్కసారి ముడుచుకుని విప్పుకుంది.

"చేదుగా ఉందాండీ?" అన్నాను.

"దేవుడికిచ్చినదానికి పేర్లు పెట్టకూడదండీ" అని తొడిమ దాకా నమిలేశారు.

రాత్రి మా ఆవిడ పక్క సర్దుతూ, "మా నాన్నగారికి కీరా పడదండీ, జలుబు చేస్తాది. మధ్యాహ్నం పాదున మిగిలిన బావగారి కాయలు అందరం తిన్నాం కదా, ఆయన ఒక్క ముక్క నోట్లో పెట్టుకోలేదు" అంది మామూలుగా.

అది విని, అప్పటి నేననే ఆ కుర్రాడు ఎంత పొంగిపోయాడో చెప్పలేను. కింది గదిలో మావగారు వరసగా తుమ్ముతుంటే, ప్రతి తుమ్మూ తోడల్లుడి మీద తన గెలుపని లెక్కేసుకుంటూ నిద్రపోయాడు. ఆ సంతోషం కూడా అసూయకు చిన్న చెల్లెలేనని ఇప్పుడు నాకు తెలుసు. వాక్యం చదివి చదివి జుట్టు నెరిసినవాణ్ణి, అతన్ని లేపి ఆ మాట చెప్పాలి నిజానికి. కానీ పోనీలే, పాపం, ఆ ఒక్క రాత్రికి పడుకోనిద్దాం.