సముద్రం వెళ్ళిపోయిన శుక్రవారం

కువైట్ బయలుదేరేటప్పుడు మా ఊళ్ళో ఆడవాళ్ళంతా నాకు ఎండ గురించే చెప్పారు. గొడుగు తీసుకెళ్ళమన్నారు, సబ్జా గింజలు మూట కట్టి ఇచ్చారు, మా వదినైతే తాటాకు విసనకర్రలు రెండు పెట్టెలో పెట్టింది. చలి గురించి ఒక్కరూ నోరు విప్పలేదు. అందుకే మూడో ఏడు డిసెంబరులో నన్ను సముద్రపు ఒడ్డుకి మార్చినప్పుడు నా దగ్గరున్న చలిబట్టలు రెండే: ఒక దుప్పటి, ఇంకో దుప్పటి.

అంతవరకూ జహ్రా అనే ఊళ్ళో ఉండేదాన్ని. అక్కడ ఇంట్లోంచి బయటికి వస్తే కదా, చలి ఉందో లేదో తెలియడానికి. ఆ ఇంటి యజమానురాలిని పనివాళ్ళంతా పిలిచినట్టే నేనూ మామా అంటాను. ఆవిడ తల్లిని పెద్ద మామా అంటాను. పెద్ద మామాకి ఎనభై దాటాయి. మోకాళ్ళు పనిచేయవు, నోరు మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తుంది. నన్ను మార్చిన ఒడ్డు, చిన్నప్పుడు ఆవిడ తండ్రి చేపలు పట్టిన చోటు; అక్కడ వాళ్ళకి ఒక ఇల్లుంది. జహ్రా దాటి గంటసేపు ఇసుకలో వెళితే వస్తుంది. చలికాలం వస్తే చాలు, అక్కడికే పోతానని పట్టుబడుతుంది. తోడు వెళ్ళిన పనివాళ్ళు నలుగురు వారం తిరక్కుండా ఏడుస్తూ వెనక్కి వచ్చారని వంటింట్లో చెప్పుకునేవారు.

ఐదో మనిషిని నేను. మామా నన్ను పిలిచి మూడు ముక్కల్లో తేల్చేసింది. మా అమ్మ నిన్ను ఈ చలికాలమంతా ఉంచుకుంటే ఇఖామా, అంటే ఇక్కడ ఉండటానికి కాగితం, రెన్యూవల్ చేయిస్తాను. పంపేస్తే ఖలాస్, ఊరికి టికెట్. ఇంకో మాట, ఆమెను మెట్లు ఎక్కనివ్వకు, డాక్టరు వద్దన్నాడు.

అది నాకు కువైట్‌లో మూడో ఇల్లు. మొదటి రెండు ఇళ్ళలో నా నోరే నన్ను బయటికి పంపింది. ఒక ఇంట్లో కూర ఉప్పెక్కిందంటే నాలుక బాగాలేదేమో చూపించుకోమన్నాను. "నీ నోటికి ఏ ఇంట్లోనూ నిలవలేవు, చూస్తూ ఉండు," అని మా ఆయన ఎయిర్‌పోర్టులోనే జోస్యం చెప్పాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదని మా అమ్మ రోజూ అనే మాటే. ఎనిమిదో తరగతి చదివే కూతుర్ని అమ్మ దగ్గర వదిలి ఇంత దూరం వచ్చాను. మూడో ఇల్లు కూడా పోగొట్టుకుని తిరిగి వెళ్ళడం తలుచుకుంటే భయమేసేది. అంతకంటే, మా ఆయన మాట నెగ్గుతుందంటే ఒళ్ళు మండేది.

మమ్మల్ని తీసుకెళ్ళింది ఇంటి డ్రైవరు. రాయచోటి వైపు మనిషి, నాకంటే చిన్నవాడు. కారు ఆపి అద్దంలోంచి నన్ను చూశాడు.

"అక్కా, ఆ దుప్పటన్నా కప్పుకో. దిగితే గాలి కొడతాది."

"నేను పుట్టిందే సముద్రం ఒడ్డున తమ్ముడూ. మా గోదారోళ్ళకి సముద్రం గురించి సెప్పేవోడు ఇంకా పుట్టలేదు."

తలుపు తీశాను. వాయవ్యం నుంచి వచ్చిన గాలి నన్ను తిరిగి సీట్లోకి తోసింది. ఆ తరువాత కాసేపు నేను విశ్వాసినన్న సంగతి మరిచి నోటికొచ్చిందల్లా అన్నాను. డ్రైవరు మర్యాదగా అటు తిరిగి నిలబడ్డాడు.

ఆ పది రోజులూ తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. కొబ్బరినూనె సీసాలో రాయి అయిపోయింది. టీ గిన్నె పక్కన పెట్టుకుంటే తప్ప తలకు రాసుకోవడానికి లేదు. నైటీ మీద నైటీ, దాని మీద ఇంకో నైటీ వేసుకుని, డ్రైవరు ఇచ్చిన మంకీ క్యాప్ పెట్టుకుని పని చేశాను. పొద్దున ప్రార్థనలో పాట పాడితే ఒక్కో చరణానికీ నోట్లోంచి ఒక్కో పొగ వచ్చింది. అది చూడాలనే రెండు చరణాలు ఎక్కువ పాడాను, దేవుడు ఏమనుకున్నాడో తెలియదు. చుట్టుపక్కల మనుషులు లేరు. బకాలా, అంటే మన కిరాణా కొట్టు, కారులో అరగంట. ఉల్లిపాయలు అయిపోతే రెండు రోజులు కూరలో ఉల్లి లేనట్టే. ఒకరోజు చపాతీలు చేస్తూ తలెత్తితే కిటికీలోంచి ఒంటె నన్నే చూస్తోంది. ముందు నేను కేక పెట్టాను, తరువాత ఒక చపాతీ పెట్టాను. మర్నాడు ఇంకో ఒంటెని వెంటబెట్టుకుని వచ్చింది.

చలికి వణుకుతున్నాను కానీ, లోపల ఎందుకో చిన్నపిల్లలా ఉండేది. ఎవరూ లేని చోట అంత ఆకాశం నేనెప్పుడూ చూడలేదు.

పెద్ద మామా మాత్రం మాట కలపలేదు. కింది గదిలో బొగ్గుల కుంపటి పక్కన కూర్చుని, టీ తెస్తే మసిగుడ్డ పిండిన నీళ్ళలా ఉందనేది. రోజుకి పదిసార్లు ఒకటే అడిగేది, సముద్రం ఎక్కడుంది అని. నేను గోడ చూపించి, దాని అవతల, అనేదాన్ని. ఆవిడ గోడ వైపు చూసి, మళ్ళీ అదే అడిగేది. పాపం, మతిమరుపు అనుకున్నాను. ఒకసారి నా వణుకుకి సాసరులో గ్లాసు గలగలమంటుంటే, ఆ మోత భరించలేక కాబోలు, పక్కనున్న బట్టల కుప్ప నా మీదికి విసిరింది. చూస్తే ఆవిడ భర్త ఫర్వా, లోపల గొర్రె ఉన్నితో కుట్టిన మగవాళ్ళ పొడుగు కోటు. వేసుకుంటే నేల మీద జీరాడింది. ఎలుగుబంటిలా ఉన్నానని డ్రైవరు అన్నాడు. ఉండనీ, ఎలుగుబంటికి చలెయ్యదు కదా అన్నాను.

పదకొండో రోజు శుక్రవారం. మధ్యాహ్నం భోజనానికి మామా, పిల్లలు జహ్రా నుంచి వస్తామన్నారు. పొద్దున్నే లేచి చేపలు తోమి, పొట్టూ తలలూ సముద్రంలో పారేద్దామని వెనక గేటు తీశాను. వచ్చినప్పటి నుంచి ఆ గేటు దాటి వెళ్ళింది రెండుసార్లే. రెండుసార్లూ మెట్టుదాకా నీళ్ళున్నాయి. మిగతా రోజులు పొగమంచు, గాలి.

గేటు తీశాను. సముద్రం లేదు.

నిజంగానే లేదు. చూపు ఆనినంత మేరా బురద, తడి తడిగా మెరుస్తోంది. పడవ ఒకటి పక్కకి ఒరిగి పడుకుంది. నెత్తి మీద కళ్ళున్న చిన్న చిన్న చేపలు బురదలో గెంతుతున్నాయి. దూరంగా గులాబీ రంగు కొంగలు గుంపుగా నిలబడ్డాయి.

మా ఊళ్ళో ఆటుకి సముద్రం పది బారలు వెనక్కి వెళుతుంది, మహా అయితే ఇరవై. ఇలా మాయమవడం నా జన్మలో ఒక్కసారే చూశాను. అప్పుడు నాకు పదకొండేళ్ళు. క్రిస్మస్ మర్నాడు, కొత్త గౌను ఇంకా విప్పలేదు. సముద్రం ఉన్నట్టుండి వెనక్కి పోయింది, ఇసుకలో చేపలు గిలగిల కొట్టుకున్నాయి, మేం గౌన్లలో ఏరుకున్నాం. ఆ తరువాత నీళ్ళు వచ్చాయి. అందరం స్కూలు మేడ మీదికి పరిగెత్తాం. మేడ మీద లెక్క చూసుకుంటే నాయనమ్మ లేదు. మంచం మీదే వదిలేసి వచ్చేశాం.

నాయనమ్మ పోలేదు. మంచం తేలి, కొబ్బరిచెట్టుకి తగులుకుంటే చెట్టు పట్టుకుని కూర్చుంది. ఆ తరువాత తొమ్మిదేళ్ళు బతికింది, తొమ్మిదేళ్ళూ మమ్మల్ని వదల్లేదు. కంచంలో కూర వేస్తే చాలు, "ఆయ్, ఆ రోజు ఒగ్గేసి పోయినోళ్ళు ఇయ్యాల కూరేత్తన్నారు," అనేది. మేం నవ్వేవాళ్ళం. నవ్వుతూనే తల దించుకునేవాళ్ళం.

చేపల గిన్నె ఎక్కడ పారేశానో తెలియదు. గదిలోకి పరిగెత్తి, నాకొచ్చిన అరబ్బీలో, సముద్రం పో, సముద్రం రా, యల్లా యల్లా అని అరిచాను. పెద్ద మామా నోరు తెరిచేలోపు ఆవిడని వీపు మీదికి ఎక్కించుకున్నాను. బియ్యం బస్తా కంటే తేలికే. కానీ బియ్యం బస్తా వీపు మీద గుద్దదు, జుట్టు పట్టుకుని లాగదు. మూడు నైటీలతో, ఎలుగుబంటి కోటుతో, ఇరవై మెట్లు ఒక్క ఊపిరిలో ఎక్కి డాబా మీద నీళ్ళ ట్యాంకు పక్కన కూలబడ్డాను. ఆవిడని గట్టిగా పట్టుకుని, కళ్ళు మూసుకుని, పైకి వినపడేలా ప్రార్థన మొదలుపెట్టాను.

కింద కారు కడుగుతున్న డ్రైవరు తలెత్తాడు.

"అక్కా, ఆ ముసలామెను ఏసుకొని యాడికి ఎక్కినావు?"

"సునామీ తమ్ముడూ, పైకి రా, బేగా రా."

అతను బకెట్ పెట్టి, చేతులు తుడుచుకుని, తీరిగ్గా వచ్చాడు. సముద్రం వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"సునామీ ల్యా, ఏమీ ల్యా. ఈడ సముద్రం దినామూ ఇట్లే పోతాది, మల్లా వస్తాది. పున్నమికి ఇంగా దూరం పోతాది. నువ్వు సముద్రం ఒడ్డున పుట్టినా అంటివే."

సముద్రం గురించి నాకు చెప్పేవాడు పుట్టనే పుట్టాడు. అదీ కువైట్ వచ్చేదాకా చెరువు తప్ప చూడని చోట పుట్టాడు.

సిగ్గుతో చచ్చి, పెద్ద మామా వైపు తిరిగాను. తిట్లకి సిద్ధంగానే ఉన్నాను. ఆవిడ నన్ను చూడటం లేదు. పిట్టగోడ పట్టుకుని బురదనీ, కొంగల్నీ, దూరంగా సన్నటి గీతలా ఉన్న నీళ్ళనీ చూస్తోంది. వేలితో చూపించింది. బురదలో వంపుగా పాతిన కర్రలు, సగం విరిగినవి. వాళ్ళ నాన్న వాటి చుట్టూ వల కట్టేవాడట. పోటుకి చేపలు లోపలికి వచ్చేవట, ఆటుకి చిక్కుకునేవట, ఈవిడ గంప తీసుకుని మోకాలి లోతు బురదలో ఏరడానికి పోయేదట. చెబుతూ చెబుతూ, నేను సముద్రం పో సముద్రం రా అన్నది గుర్తొచ్చి నవ్వడం మొదలుపెట్టింది. నాకూ ఆగలేదు. ఆ నవ్వుకి ఇద్దరం ఒకరినొకరు పట్టుకోవాల్సి వచ్చింది.

సరిగ్గా అప్పుడే గేటు ముందు మామా కారు ఆగింది. చెప్పిన వేళకి రెండు గంటలు ముందే వచ్చారు.

మామా మెట్లెక్కి వచ్చేసరికి నా నవ్వు ఎండిపోయింది. తల్లిని మెట్లు ఎక్కించవద్దని చెప్పానా లేదా అని అడిగింది. తల వంచుకుని ఊరుకోవాలి. ఊరుకుంటే నేను నేనెందుకవుతాను?

"మామా, ఆవిడ ఒక్క మెట్టు కూడా ఎక్కలేదు. ఎక్కింది నేను," అన్నాను.

అన్నాక నాలుక కరుచుకున్నాను. డ్రైవరు కళ్ళు మూసుకున్నాడు. ఖలాస్, సామాను సర్దుకో, సాయంత్రం మాతో జహ్రా వచ్చెయ్, అంది మామా. కూతురి ముఖం, మా ఆయన ముఖం ఒకదాని వెనక ఒకటి కనిపించాయి.

అప్పుడు పెద్ద మామా మాట్లాడింది. గొంతు పెంచలేదు. గబగబా, చాలాసేపు మాట్లాడింది. నాకు సగం కూడా అర్థం కాలేదు. మామా ముఖం మాత్రం మెల్లగా మారుతోంది. నేను డ్రైవరు వైపు చూస్తే, అతను నా పక్కకి జరిగి చిన్నగా చెప్పాడు.

"ఏడేండ్లనుంచి ఈడికి తీస్కచ్చి గోడకు ముందర కూసోబెడతాండారంట. సముద్రం యాడుందిరా అంటే అందరూ గోడనే చూపిస్తారంట. నువ్వొక్కదానివే చూపిచ్చినావంట. ఇంగా ఏమంటాందంటే, భయపడినోళ్ళు వట్టి చేతుల్తో పరిగెత్తుతారు, ఇది నన్ను ఎత్తుకొని పరిగెత్తింది. ఇది యాడికీ పోదు, ఈడనే ఉంటాది, అంటాంది."

నేను ఏడ్చాను. నాయనమ్మ గుర్తొచ్చింది. ఆవిడ ఈ మాట వింటే, ఇన్నేళ్ళకి బుద్ధొచ్చిందన్నమాట అని మూతి తిప్పుకునేది, ఆ రోజు మాత్రం కూర సంగతి ఎత్తేది కాదు.

ఎక్కడానికి ఒక్క ఊపిరి పట్టింది కానీ దిగడానికి అరగంట పట్టింది. పెద్ద మామాని కుర్చీలో కూర్చోబెట్టి డ్రైవరు ఒకవైపు, మామా ఒకవైపు పట్టుకున్నారు. కాళ్ళు వణికి, నేను మెట్లమీద కూర్చుని జరుగుతూ దిగాను. కింద చేపలన్నీ ఒంటె తొక్కేసింది. ఆ రోజు అందరం పప్పుచారు తిన్నాం. పెద్ద మామా రెండుసార్లు వేయించుకుంది.

వారంలో ఇఖామా రెన్యూవల్ అయింది. మా ఆయనకి ఫోన్ చేసి చెప్పాను.

"నోరు తగ్గించావా?" అన్నాడు.

"లేదు. నడుము వంచాను," అన్నాను.

ఆ చలికాలమంతా పొద్దున టీ అవగానే పెద్ద మామా రెండు చేతులూ చాపి, సముద్రం పో, అనేది, నా అరబ్బీలోనే, నా గొంతుతోనే. వీపు మీద ఎక్కించుకునేదాన్ని. ముందు డ్రైవరు, వెనక మేం, డాబా మీదికి చేరేవాళ్ళం. ఫిబ్రవరిలో ఒకరోజు గేటు తీస్తే నీళ్ళు మెట్టు మీదికి వచ్చి కొడుతున్నాయి. గదిలోకి వచ్చి, పెద్ద మామా, ఈరోజు సముద్రం ఎక్కడికీ పోలేదు, నిండుగా ఉంది, అని చెప్పాను. ఆవిడ నా మాట విననట్టే రెండు చేతులూ చాపింది.

"సముద్రం పో," అంది.

వంగి ఎత్తుకున్నాను.