మూడో కుండ మీది సాసరు

పోయిన చలికాలం ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చి, ముందు పెట్టిన చాయ్ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా, ఫోనులో రెండు మట్టికుండల ఫోటో చూపించింది. చిన్న కుండలు, మూతులకు మట్టి మూకుళ్లు బోర్లించి ఉన్నాయి. మా బెల్లంపల్లి శివారులో, తెల్లదొరలు బొగ్గుబాయి పనులు చూసిన రోజుల్లో కట్టుకున్న క్యాంపు ఒకటి ఉంది. ఇప్పుడు మిగిలినవి బంగళాల పునాదులు, రెండు పొగగొట్టాలు, అంతటా సీతాఫలం పొదలు. ఆ అమ్మాయి తన బృందంతో రెండు నెలలుగా అక్కడ తవ్వకాలు జరిపిస్తోంది. పెద్ద బంగళా వెనక ఒక బండ కింద ఈ కుండలు దొరికాయట. లోపల మన్ను, ఒక్కోదాంట్లో ఒక గుర్రపు లాడం మేకు. పాత నక్షాలో ఆ చోట గుర్రాల సాల అని ఉంది కాబట్టి, లాడాలు కొట్టేవాళ్లు మేకులు దాచుకున్న కుండలని వాళ్లు రాసుకున్నారు. ఎందుకైనా మంచిది, ఊళ్లో పాతవాళ్లను అడుగుదామని నా దగ్గరికి వచ్చింది. నేనంత పాతదాన్నేం కాదని చెప్పబోయి ఊరుకున్నాను. ముప్పై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పినదాన్ని. ఒక్క మేకు కోసం ఒక కుండ పూడ్చిపెట్టే మనిషి ఎవరై ఉంటాడని మాత్రం అడిగాను. అడుగుతుండగానే జవాబు నాకు తెలుసని గుర్తొచ్చింది.

జవాబు చెప్పింది మా మేనత్త, బాపుకు అక్క. నా చిన్నప్పుడు సీతాఫలాల కాలం వస్తే నన్ను ఆ క్యాంపుకు తీసుకుపోయేది. పండ్లు ఏరడం నా పని, మాట్లాడటం ఆమె పని. మా తాత దొర గుర్రాలను చూసుకునేవాడని, బాపమ్మ బంగళాలో బోళ్లు తోమేదని, సాల పక్కన ఒక్క అర్రలో వాళ్ల కాపురమని ప్రతి ఏడూ కొత్తగా చెప్పేది. "గీ బండ మీదనే మా అవ్వ తానం జేసేది. దీని కిందనే మా మాయ పాతిపెట్టిన్రు బిడ్డా" అనేది. అవ్వ అంటే ఆమె తల్లి, మా బాపమ్మ. కాన్పయ్యాక పడే మాయను కుండలో పెట్టి, బాలింత నీళ్లు పోసుకునే చోట పాతిపెట్టడం మా ఇండ్లలో పద్ధతి. గాలీ ధూళీ సోకకుండా అందులో ఒక ఇనుప ముక్క వేస్తారు. తాత చేతికి సులువుగా దొరికే ఇనుము లాడం మేకే కదా. మొదటి కుండ తనది, రెండోది మా బాపుది అని అత్త వేలు పెట్టి చూపించేది. తర్వాత బండ అవతలికి జరిగి, మూడోది చెల్లెది అనేది. ఆ మూడో కాన్పప్పుడు మంత్రసాని చేతిలో మూకుడు పగిలిపోతే, బాపమ్మ బంగళాలోంచి తెచ్చిన నీలిపూల సాసరు కుండకు మూతగా పెట్టారట. దొరసాని ఆ సాసరు కోసం మూడు రోజులు ఇల్లంతా వెతికించిందట. చెల్లె పదకొండో రోజున పోయింది. మాలో పేరు పెట్టేది ఇరవై ఒకటో రోజున. అందుకని ఆ పిల్లకు పేరు కూడా లేదు.

మా బాపుకు ఈ కథంటే మంట. ఆయన బాయి ఆఫీసులో గుమాస్తా అయ్యాడు, ఇస్త్రీ చొక్కా లేకుండా గడప దాటేవాడు కాదు. మాది మెట్‌పల్లి దిక్కు, పొలాలున్న ఇల్లు అని అడిగిన వాళ్లకూ అడగని వాళ్లకూ చెప్పేవాడు. దొర బోళ్లు తోమిన తల్లి సంగతి బయటికి రావడం ఆయనకు ఇష్టం లేదు. "అక్కా, గా క్యాంపు ముచ్చట జర బంద్ చెయ్యి. చెల్లె లేదు, ఏం లేదు. నువ్వు కలగన్నవ్" అనేవాడు. "నాకప్పుడు ఆరేండ్లు. ఎత్తుకున్నరా దాన్ని నేను! కొండగట్టు అంజన్న మీద ఒట్టు" అని అత్త ఏడ్చినంత పని చేసేది. ఇంట్లో అందరం బాపు పక్షమే. నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో ఒకసారి చుట్టాలందరి ముందు నేను కూడా "ఇగ చాలు అత్తా" అన్నాను. ఆ తర్వాత ఆమె నా ముందు ఎన్నడూ చెల్లె మాట ఎత్తలేదు. ఇది రాస్తుంటే ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

ఇదంతా చెప్పి, మూడో కుండ దొరికిందా అని ఆ అమ్మాయిని అడిగాను. "లేదు మేడం, మా గుంత ఆ బండతోనే ఆగిపోయింది. ఎల్లుండి పూడ్చేస్తున్నం" అంది. బాపు పోయి పదేళ్లయింది. అత్త మాత్రం రెండు వీధుల అవతల కొడుకు దగ్గర ఉంది. వెళ్లి సంగతి చెబితే ఫోటో వైపు కూడా చూడలేదు. "రెండేనా? మల్ల చెల్లెది?" అని లేచి చెప్పులేసుకుంది. మర్నాడు పొద్దున్నే ఆటోలో క్యాంపుకు తీసుకుపోయాం.

గుంత ఒడ్డున కుర్చీ వేస్తే కూర్చోలేదు. చేతికర్రతో బండకు అవతల, గోడ దిక్కు ఒక గీత గీసింది. "గిక్కడ" అంది. అక్కడ లేకపోతే ఈ ముసలామె ఇంటికి ఎట్లా పోతుందా అని నాకు భయం పట్టుకుంది. వాళ్లు గడ్డపారలు ముట్టరు. చిన్న తాపీలతో, బ్రష్షులతో పొరపొరగా తీస్తారు. ఎండ నడినెత్తికి వచ్చింది, అత్త నీళ్లు కూడా తాగలేదు. మధ్యాహ్నం దాటాక మట్టిలో తెల్లగా ఒక అంచు కనబడింది. ఆ అమ్మాయి బ్రష్షుతో ఊడ్చేకొద్దీ నీలిపూలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. అత్త కుర్చీలో కూలబడి, "సూసినవా? నేను కలగనలే" అంది. ఆ మాట నాతో కాదు, బాపుతో. నాకు ఏడుపు ఆగలేదు.

వీటిని మళ్లీ పాతిపెడతారా అని అత్త అడిగింది. పట్నంలో మ్యూజియంలో పెడతామని ఆ అమ్మాయి చెప్పింది. అత్త, "పోనీ తియ్, ముగ్గురం ఒక్కతాన ఉంటం" అంది. జీవితమంతా మెట్‌పల్లి దిక్కున పుట్టానని చెప్పుకున్న మా బాపు కూడా అట్లా క్యాంపు లెక్కలోకి వచ్చేశాడు. గుర్రాల సాల అన్న మాట కొట్టేసి, పనివాళ్ల ఇండ్లు అని ఆ అమ్మాయి నా ముందే రాసుకుంది. ఒక్కో కుండకూ ఒక అట్టముక్క కట్టాలట. మొదటి రెండింటి మీదా పేర్లు రాసి, మూడోదాని మీద ఏం రాయమంటారమ్మా అని అడిగింది. "చెల్లె అని రాయి" అంది అత్త. ఇరవై ఒకటో రోజున పెట్టాల్సిన పేరు ఎనభై ఏళ్లు ఆలస్యంగా ఒక అట్టముక్క మీదికి ఎక్కింది. అందులో ఓ యాభై ఏళ్ల ఆలస్యం మాత్రం మాది.