మా అమ్మ రాయించిన ధరల చిట్టా

కాగితం మీదికి ఎక్కినదల్లా నిజమేనని నేను గట్టిగా నమ్మిన రోజులవి. డిగ్రీ చేతికొచ్చి ఆర్నెల్లయింది. ఉద్యోగం రాలేదు, మీసం మాత్రం వచ్చింది. ఇంట్లో ఎవరు ఏ మాటన్నా "ఆధారం ఏమిటి?" అని అడిగి అందరి ప్రాణం తీసేవాణ్ణి. (ఇప్పుడు రెండో తరగతి చదువుతున్న నా కూతురు నన్ను అదే ప్రశ్న అడుగుతోంది. చేసుకున్నవాడికి చేసుకున్నంత.) అలాంటి నన్ను నమ్మి మా ఇంటివాళ్ళు ఒక రాష్ట్రం వదిలి ఇంకో రాష్ట్రానికి కాపురం మార్చారంటే, ఆ ధైర్యం తలుచుకుని ఇప్పటికీ నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

మాది గుంటూరు వైపు. నాన్న పదిహేనేళ్ళుగా ఎనిమిదెకరాలు కౌలుకు చేసేవాడు. ఆసామి పోయాక ఆయన పిల్లలు ఆ భూమి అమ్మేశారు. మేం ఊడ్చి కోసిన మడుల్లో రంగురంగుల హద్దురాళ్ళు పాతి ప్లాట్లు వేశారు. ఊళ్ళో ఇంకెక్కడా కౌలు దొరకలేదు, దొరికినచోట వాళ్ళడిగినన్ని కౌలు బస్తాలు ఇచ్చుకోలేం. నాన్న ఆ సంవత్సరం పొద్దున్నే లేవడం, తలపాగా చుట్టుకోవడం, ఆ తర్వాత వెళ్ళడానికి చోటు లేక అరుగు మీద కూర్చోవడం నాకు బాగా గుర్తు. మా మేనమామ ఎప్పుడో బళ్ళారి జిల్లా వెళ్ళి, తెక్కలకోట దగ్గర తుంగభద్ర కాలువ కింద మనవైపు రైతులు వేసుకున్న ఒక క్యాంపులో స్థిరపడ్డాడు. (అక్కడ అలాంటి ఊళ్ళను క్యాంపులనే అంటారు.) వారం వారం ఫోన్ చేసేవాడు: "బావగారూ, ఇక్కడ కౌలు తక్కువ, నీళ్ళెక్కువ. వచ్చేయండి."

నాన్న ఊగుతున్నాడు. అమ్మ మాత్రం ఒకే మాట మీద నిలబడింది. "భూమి సంగతి మీరు చూసుకోండి. ఉప్పూ పప్పూ సంగతి నాకు తెలియాలి. రాష్ట్రం కాని రాష్ట్రం, అక్కడ నెల గడవడానికి ఎంతవుతుందో తెలియకుండా నేను పొయ్యి కదిలించను." మీ అన్నయ్యనే ఫోన్‌లో అడగరాదా అన్నాడు నాన్న. "అన్నయ్య నేను రావాలని తక్కువ చెబుతాడు. వదిన రాకూడదని ఎక్కువ చెబుతుంది. ఇద్దరి మాటా వద్దు. అబ్బాయిని పంపండి, చూసి రాసుకొస్తాడు" అంది. ఆ క్షణంలో నా ఛాతీ ఎంత పెరిగిందో చెప్పలేను. నాకు ఉద్యోగం దొరికింది.

కందిపప్పుతో మొదలుపెట్టి అగ్గిపెట్టె దాకా నలభై మూడు వస్తువులు అమ్మ చెప్పింది, నేను రాసుకున్నాను. ఎడమవైపు మా ఊరి ధర, కుడివైపు ఖాళీ. పరీక్షలకు వాడిన క్లిప్పు అట్టకి ఆ కాగితాలు బిగించాను, అట్టకి దారంతో పెన్ను కట్టాను. కొత్త చోటు, పరువుగా ఉండాలని అమ్మ నాకు పెళ్ళిళ్ళకి వేసుకునే తెల్లచొక్కా ఇస్త్రీ చేయించి, లోపలికి దోపించి, నల్లబూట్లు వేయించింది. బస్సెక్కేటప్పుడు చెవిలో చెప్పింది: "మనం కాపురానికి వస్తున్నామని ఎవరికీ చెప్పకు నాన్నా. అవసరం మనదని తెలిస్తే రేటు పెంచేస్తారు. ఎవరేం అడిగినా, ముందు ధర చెప్పమను." నా కష్టాలకి పునాది ఆ మాటే, కానీ కొత్త ఊరికి పోయే బిడ్డకి ఏ తల్లయినా అదే చెబుతుంది.

తెక్కలకోటలో బస్సు దిగి, మావయ్య ఇంటికి పోకుండా నేరుగా బజారుకి వెళ్ళాను. (నిష్పక్షపాతంగా ఉండాలని.) మొదటి అంగడి ఒక శెట్టిగారిది. గుబురు మీసాలాయన. నేను గుమ్మంలో నిలబడి, బేరం ఆడకుండా, సంచీ తియ్యకుండా, పెన్ను నొక్కి, "కందిపప్పు కిలో ఎంత?" అన్నాను. ఆయన నా బూట్లు చూశాడు. చొక్కా చూశాడు. అట్ట చూశాడు. చప్పున లేచాడు.

"బన్ని సార్, బన్ని. నిలబడినారేంది, కూకోండి. చా తెప్పిస్తా. యాడ నుంచి వస్తాండారు సార్, బళ్ళారి నుంచా?"

"ముందు ధరలు చెప్పండి" అన్నాను, అమ్మ చెప్పినట్టే.

ఆయన కాటా దగ్గరున్న కిలో రాయిని కాలితో మెల్లగా వెనక్కి జరిపి, దాని మీద గోనెసంచి కప్పాడు. నేను చూశాను గాని, అంగడిని శుభ్రంగా పెట్టుకునే మనిషి అనుకున్నాను. తర్వాత ఒక్కో వస్తువుకి కాస్త ఆలోచించి, చెమట తుడుచుకుంటూ, ధర చెప్పాడు. ప్రతి ధరా మా ఊరి కన్నా తక్కువ! కందిపప్పైతే కిలోకి ముప్ఫై రూపాయలు తేడా. పక్క అంగడికి వెళ్ళేసరికి అక్కడ కుర్చీ తుడిచి ఉంది, టీ గ్లాసు సిద్ధంగా ఉంది. నూనె అంగడాయన నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. హోటల్లో నాలుగిడ్లీలు తిని డబ్బులివ్వబోతే యజమాని రెండు చేతులూ జోడించి, "మీ దగ్గర తీసుకుంటానా సార్, పొరపాటున గూడా తీసుకోను" అన్నాడు. వస్తువుల జాబితా కింద గీత గీసి రాశాను: "మనుషులు మర్యాదస్తులు. టీ, టిఫిను: డబ్బులు తీసుకోరు."

ఆ బజారులో నాకు మర్యాద చెయ్యనిది ఒక్కతే, ఆకుకూరల అవ్వ. గోంగూర కట్ట ఎంత అని అడిగితే తలెత్తకుండా, "పుండికూర పది. తీసుకుంటే తీసుకో, లేకుంటే నడువప్పా, గిరాకీకి అడ్డమొస్తాండావు" అంది. మా ఊళ్ళో కన్నా ఎక్కువ. మొత్తం చిట్టాలో అదొక్కటే ఎక్కువ ధర. దాని పక్కన కుండలీకరణాల్లో "మర్యాద లేదు" అని చేర్చాను.

సాయంత్రం మావయ్య ఇంట్లో చిట్టా చదివి వినిపించాను. అత్తయ్య నోరు తెరిచి, "అయ్యో, కందిపప్పు ఆ రేటుకి ఎక్కడ..." అనబోయింది. మావయ్య గట్టిగా దగ్గి, "అల్లుడికి మజ్జిగ తీసుకురా, ఎండన పడొచ్చాడు" అన్నాడు. ఆవిడ మజ్జిగ తెచ్చింది గాని, ఆ మాట పూర్తి చెయ్యలేదు. చూశావా, వదినకి మనం రావడం ఇష్టం లేదని అమ్మ ముందే చెప్పలేదా అనుకుని, నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఇంటికొచ్చాక అరుగు మీద చిట్టా చదివాను. అమ్మ రెండోసారి చదివించింది, ఈసారి గొంతు పెంచి చదవమంది. ఇరుగుపొరుగు చేరారు. "అదేంటమ్మా, అంత చవకా?" అని ముక్కున వేలేసుకున్నారు. నాన్న ఏడాది తర్వాత మొదటిసారి నవ్వడం ఆ రోజే చూశాను. నెలన్నర తిరక్కుండా అమ్మ పాడిగేదెని అమ్మేసింది. ఆ డబ్బు కౌలు అడ్వాన్సుకి మావయ్యకి పంపాం. సామాను లారీకెత్తాం. వీధి చివరి దాకా వచ్చినవాళ్ళతో నాన్న, "మావాడు వెళ్ళి అన్నీ విచారించి వచ్చాడండీ" అని నా భుజం మీద చెయ్యేశాడు. ఆ చెయ్యి బరువు నాకిప్పటికీ తెలుస్తూనే ఉంది.

క్యాంపులో దిగిన మూడో రోజు అమ్మ చిట్టా మడిచి బొడ్డులో దోపుకుని, నన్ను వెంటబెట్టుకుని శెట్టిగారి అంగడికి వచ్చింది. ఆ రోజు నేను లుంగీ, పాత బనియను. అయినా ఆయన నన్ను చూసి లేచాడు. "నమస్కారా సార్. ఈ రోజు రజానా, సెలవా?" అన్నాడు. అమ్మ కందిపప్పు రెండు కిలోలు అడిగింది, చిట్టాలో ధరే లెక్క కట్టి ఇచ్చింది. ఆయన అదే ధరకి కట్టి ఇవ్వబోయాడు కూడా. అప్పుడు అమ్మ సంతోషం పట్టలేక, "మా అబ్బాయి చెప్పినట్టే ఉందండీ. మేం క్యాంపులోకి కొత్తగా కౌలుకి వచ్చాం" అంది.

శెట్టిగారు చెయ్యి ఆపాడు. "మీ అబ్బాయా? ఈయప్పనా? తూకాల ఆఫీసరు కాదా?"

"ఆఫీసరేమిటండీ, వాడికింకా ఉద్యోగమే రాలేదు."

ఆయన వంగి, గోనెసంచి కింద నుంచి ఆ కిలో రాయి తీసి, గల్లాపెట్టె పక్కన ఠప్పున పెట్టాడు. "రెండేండ్లాయ దీనికి సర్కారు ముద్ర ఏపిచ్చక. నీ కొడుకు రాసుకుంటా ఉంటే నా గుండె జారిపోయినాదమ్మా. ఎక్కువ చెప్తే కేసు రాస్తాడేమోనని కొన్న రేటు కన్నా కిందికి చెప్పినా. బజారంతా ఫోన్లు చేసి చెప్పినా, ఆఫీసరు వచ్చినాడని. రెండు నెలలుగా రాయి దాచి, పక్కంగడి రాయి అడుక్కొచ్చి తూస్తాండా తల్లీ!" అంగడి ముందున్నవాళ్ళంతా పగలబడి నవ్వారు. అసలు ధర చెప్పాడు. మా ఊరి కన్నా నాలుగు రూపాయలు ఎక్కువే. ఆ రోజు నుంచి తెక్కలకోటలో నా పేరు రేటప్ప.

అమ్మ నవ్వలేదు, తిట్టలేదు. రెండు కిలోలకి బదులు ముప్పావు కిలో తీసుకుంది. చిట్టా బొడ్డులోకి తోసింది. దారిలో, "మీ నాన్నకి చెప్పకు" అంది, అంతే. నేను ఏడుపు ఆపుకుంటూ నడిచాను. గేదె పోయింది, ఊరు పోయింది, వెనక్కి వెళ్ళాలన్నా చోటు లేదు. ఇంటిల్లిపాది బతుకులు నా రాత మీద పెట్టి తెచ్చాను, ఆ రాత నీటి మూటైంది.

ఆ తర్వాత మా ఇంట్లో పప్పు పలచబడింది గాని ఆగలేదు. ఎలా సాగుతోందో నాకు అంతుపట్టలేదు. అమ్మ పొద్దున్నే "అన్నయ్య వాళ్ళింటికి" వెళ్ళొచ్చేది. ఒకరోజు మావయ్యకి సద్ది ఇచ్చి రమ్మని అత్తయ్య నన్ను పంపితే, కాలువ గట్టు మీద నడుస్తూ, ఎవరిదో మడిలో నాట్లేస్తున్న ఆడవాళ్ళ వరసలో అమ్మని చూశాను. కౌలుదారైనా రైతు భార్యగా మా ఊళ్ళో ఏనాడూ పరాయి మడిలో కూలికి దిగని మనిషి. మోకాళ్ళ దాకా బురద. నన్ను చూసి గట్టుకొచ్చింది. కాలివేళ్ళ సందులు ఒరుసుకుపోయి ఎర్రగా ఉన్నాయి. "నా వల్లే కదమ్మా, ఆ చిట్టా..." అని కూలబడ్డాను.

అమ్మ బురద చేతులు కాలువలో కడుక్కుంది. కొంగుతో తుడుచుకుంటూ, పక్కన కూర్చుంది.

"పిచ్చివాడా, పాతికేళ్ళుగా పప్పు కొంటున్నాను. ఆ రేటుకి కందిపప్పు ఏ రాష్ట్రంలోనూ దొరకదని నువ్వు చదివిన రోజే నాకు తెలుసు."

"మరి గేదెని ఎందుకమ్మేశావు?"

"ఉంటే ఏం మేపేదాన్ని? అక్కడ ఇంక బతుకు లేదురా. ఎలాగూ రావాల్సిందే. కానీ కౌలు పోయి, చేతగాక ఊరొదిలి పోతున్నాడని పదిమందీ అంటుంటే మీ నాన్న తల దించుకుని లారీ ఎక్కాలా? అక్కడంతా చవక, అందుకే వెళ్తున్నామని చెప్పుకోవడానికి ఒక కాగితం కావాలి. అది నువ్వు తెచ్చావు. అందుకే గట్టిగా చదవమన్నాను."

"మరి శెట్టి దగ్గర అంత సంతోషపడ్డావు?"

"ఆయన ఆ రేటుకే కడుతుంటే, నిజమేనేమోనని ఒక్క నిమిషం ఆశ పడ్డాన్రా" అంది. అని, లేచి, మళ్ళీ వరసలోకి దిగింది. నేను చొక్కా విప్పి గట్టు మీద పెట్టి, ఆమె పక్కన నారు అందుకున్నాను. ఆడవాళ్ళు నవ్వారు. "రేటప్పా, కట్టకి ఎంత రాసుకుంటావప్పా?" అని ఒకామె అడిగింది.

ఆ పంట బాగానే వచ్చింది. ఆ పై పంటలు కొన్ని వచ్చాయి, కొన్ని పోయాయి. నాకు బళ్ళారిలో ఉద్యోగం దొరికి, గాంధీనగర్‌లో అద్దెకుంటున్నాను. తెక్కలకోట వెళ్ళినప్పుడు ఆకుకూరల అవ్వ దగ్గర పుండికూర కొంటాను, మొదటి రోజు నాకు నిజం చెప్పింది ఆమె ఒక్కతే. శెట్టిగారు నన్ను చూస్తే కిలో రాయి తిరగేసి ముద్ర చూపించి, "చూస్కో సార్" అంటాడు. నేనూ గంభీరంగా చూస్తాను.

అమ్మా నాన్నా ఈ మధ్య మా ఇంటికి వచ్చారు. నాన్న కింది వాటాలో ఉండే ఆయనతో పాత సంగతులు చెబుతున్నాడు. "మేం ఊరికే రాలేదండీ. మావాడు ముందు వచ్చి, ఊరంతా తిరిగి, అన్నీ రాసుకున్నాకే వచ్చాం." అని నా వైపు తిరిగి, "ఏరా, అప్పట్లో కందిపప్పు ఎంత రాశావు?" అన్నాడు. ఆధారాలు అడిగే నా కూతురు కూడా నా మొహంలోకి చూస్తోంది. నేను కళ్ళార్పకుండా ఆ దొంగ ధరే చెప్పాను. వంటింట్లోంచి గరిటె చప్పుడు ఒక్క క్షణం ఆగింది. "అవునవును, అంతే ఉండేది" అంది అమ్మ.