మగ్గం తాడుతో స్టార్టయిన బోటు

పదవీ విరమణకు ముందు నా ఆఖరి పోస్టింగ్ వరంగల్‌లో. అగ్నిమాపక కేంద్రానికి అధికారిగా, మా వాడుకలో ఎస్‌ఎఫ్‌ఓగా, చేరిన మరుసటి వానాకాలంలోనే ఈ సంగతి జరిగింది. మంటలార్పేవాళ్లకు పడవలతో పనేమిటని ఇప్పటికీ కొందరు అడుగుతుంటారు. వరదొస్తే జనాన్ని బయటికి తెచ్చేదీ మేమే మహానుభావా అని చెబుతుంటాను. అందుకోసమే మా దగ్గర ఒక రబ్బరు బోటు, దాని వెనక బిగించే పెట్రోల్ ఇంజన్ ఉండేవి.

ఆ రోజు కాశిబుగ్గ వైపు ఒక లోతట్టు కాలనీ మునిగింది. కరెంటు ముందు రోజే పోయింది. పై చెరువు నిండి మత్తడి, అంటే అలుగు, దూకుతోందని, సాయంత్రానికి నీళ్లు ఇంకా పెరుగుతాయని కబురు వచ్చింది. కింది అంతస్తుల వాళ్లందరినీ పైకి పంపాలి. సందులేమో ఇరుకు, మా బోటు ప్రతి ఇంటికీ పోలేదు. ఆ వాడలో ఏ కబురైనా మసీదు మైకులోనే చెబుతారు. పెళ్లయినా, చావైనా, మంచినీళ్ల ట్యాంకర్ వచ్చినా అంతే. దాన్ని ఎలాన్ అంటారు. కరెంటు లేక ఆ మైకు మూగబోయింది. నేను బోటు బ్యాటరీ విప్పించి మసీదుకిచ్చాను. అక్కడ అజాన్ ఇచ్చే మౌజన్ సాబ్ తెలుగులోనూ ఉర్దూలోనూ విసుగు లేకుండా చెబుతూనే ఉన్నాడు. జనం మూటలు సర్దుకుని మేడలెక్కారు. ఆ బ్యాటరీ ఇచ్చినందుకు తర్వాత నన్ను తప్పుపట్టినవాళ్లున్నారు. పట్టనీ, మళ్లీ అయినా ఇస్తాను.

సరిగ్గా అప్పుడే షాహీన్ అనే అమ్మాయి, వాళ్ల నాన్న మహబూబ్ సాబ్‌ను ఇద్దరి చేత మోయించుకుని మసీదు మెట్ల దగ్గరికొచ్చింది. ఆయన దర్జీ. రెండు కిడ్నీలూ పనిచేయవు. వరద వల్ల డయాలసిస్ వాయిదా తప్పింది. ముఖం ఉబ్బిపోయి, నాలుగు మాటలు వరసగా మాట్లాడలేకపోతున్నాడు.

"అబ్బాకు దమ్ము ఆడుతలేదు సార్, జర జల్దీ తీస్కపోండ్రి," అంది ఆ పిల్ల.

ఆయన్ని బోటులో పడుకోబెట్టాం. బ్యాటరీ తెచ్చి బిగించి మా డ్రైవర్ ఆపరేటర్ యాకూబ్ స్విచ్ నొక్కాడు. టిక్కుమంది, అంతే.

"టిక్కు టిక్కు అంటాంది గని తిరుగుతలేదు సార్. మైకు మొత్తం తాగేసింది," అన్నాడు.

మెయిన్ రోడ్డు మీద మత్తడి నీళ్లు అడ్డంగా పారుతున్నాయి. తెడ్లతో దాటుదామంటే బోటు మన మాట వినదు. అవతలి గట్టున అంబులెన్స్ నిలబడి ఉంది. మొదటి దారి ఇంకో బ్యాటరీ. ఇళ్లలో ఇన్వర్టర్లన్నీ అప్పటికే అడుగంటాయి. ఒకాయన మోటార్‌సైకిల్ బ్యాటరీ ఇచ్చాడు, పాపం, దానికి అంత ఇంజన్ తిప్పే సత్తువ లేదు. రెండో దారి తాడు. ఇంజన్ మూత తీస్తే పైన ఇనుప చక్రం కనబడుతుంది. ముడి వేసిన తాడు కొసను దాని గాడిలో ఇరికించి, చుట్టి, ఒక్క ఊపున గుంజాలి. మా తాడు పొద్దున ఒక ముసలమ్మను దించేటప్పుడు వరదలో కొట్టుకుపోయింది. ఉన్నవి లంగరు మోకులు. అవి ఆ గాడిలో పట్టవు.

మైకు లేదు. మౌజన్ సాబ్ మసీదు మేడెక్కి, చెవుల దగ్గర చేతులు పెట్టుకుని ఉత్త గొంతుతో ఎలాన్ చేశాడు. "సన్నటి గట్టి తాడు ఎవలింట్ల ఉన్నా ఇయ్యుండ్రి! బోటు ఇంజన్ చాలూ అయితలేదు! మహబూబ్ భాయ్‌ని దవాఖానకు తీస్కపోవాలె!" ఆ మాట మేడ నుంచి మేడకు అందుకుంటూ పోయింది. దూరంగా పోతున్న కొద్దీ వినబడక నేను చెవులు రిక్కించాను.

కాసేపటికి మూడో సందు మేడ మీంచి రాజవ్వ అనే నేతామె కేకేసింది. "మగ్గం తాడు పనికొస్తదా సారూ? పిడి గూడ ఉన్నది!" పడుగులో నూలు కండెను మోసే నాడెను అటూ ఇటూ కొట్టడానికి నేతగాళ్లు గుంజే తాడు అది. మగ్గాన్ని మేడ మీద గదిలోకి చేర్చుకుందట. పనిలో ఉన్న తాడునే కోసి, మేడల మీదుగా చేతులు మార్చి పంపింది. అబ్బ, ఆ చెక్క పిడి చూసి నాకు ప్రాణం లేచొచ్చింది.

తాడుతో స్టార్ట్ చేస్తే ఇంజన్ గేరులో ఉన్నా తిరిగేస్తుంది, బోటు ఎగిరి దూకుతుంది. అందుకని న్యూట్రల్ చూసుకోమని యాకూబ్‌కు చెప్పాను. షాహీన్‌ను చున్నీ నడుముకు కట్టుకొమ్మన్నాను. చక్రానికి మూత ఉండదు, గుడ్డ చిక్కితే మనిషిని లాగేస్తుంది. పెట్రోల్ గొట్టం మధ్యలోని రబ్బరు బల్బును గట్టిపడేదాకా పిసికి, తాడు గుంజాను. ముడి జారిపోయింది. ముడి మీద ముడి వేసి మళ్లీ గుంజాను. ఇంజన్ దగ్గి ఊరుకుంది. మహబూబ్ సాబ్ కళ్లు మూసుకున్నాడు. షాహీన్ ఏడుస్తోంది.

"ఫికర్ జెయ్యకు చెల్లె," అని యాకూబ్ అంటుండగానే మళ్లీ గుంజాను. ఈసారి ఇంజన్ పట్టుకుంది. మేడలన్నీ ఒక్కసారి కేకలేశాయి.

అవతలి గట్టు చేరేదాకా ఇంజన్ ఆపలేదు. మహబూబ్ సాబ్‌కు ఆ సాయంత్రమే డయాలసిస్ జరిగింది. బతికాడు. నా రిటైర్మెంటుకు చొక్కా కుట్టిచ్చింది ఆయనే.

నీళ్లు తీశాక తాడు తిరిగి ఇవ్వబోతే రాజవ్వ తీసుకోలేదు. "నేను కొత్తది కట్టుకున్న సారూ. అది మీ బోట్లనే ఉండనియ్యి. మల్ల వాన రాదా ఏంది?" అంది. ఆమెకు నేను చేతులు జోడించాను. ఇప్పటికీ తలుచుకుంటే మనసులో జోడిస్తాను.

ఆ తర్వాత కొత్త ఫైర్‌మెన్‌కు బోటు పాఠం చెప్పేటప్పుడు కొన్ని మాటలు చేర్చాను. బ్యాటరీ పోతే ఇంకో బ్యాటరీ, అదీ లేకపోతే తాడు. అదీ లేకపోతే సిగ్గుపడకుండా గొంతెత్తి అడగండి. అప్పుడు మేడల మీద ఉన్నవాళ్లు కాపాడాల్సిన జనం మాత్రమే కారు, మీ సిబ్బంది కూడా.